జాబితాలో లేని పన్నెండో సంగతి

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్లు. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నాన్న టమాటా పండిస్తారు. నాలుగేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటున్నాను. చేతికి 58 వేలు వస్తుంది, ఇంటికి 20 వేలు పంపుతాను. నన్ను నేను మార్చుకోవాలని ఉగాదినాడు పదకొండు అంశాల జాబితా రాసుకున్నాను: ఉదయం ఐదింటికి లేవడం, జిమ్, ధ్యానం, క్లౌడ్ కోర్సు పూర్తి చేయడం, రోజుకు ఇరవై పేజీలు చదవడం, ఇంగ్లీషు, కన్నడం, రీల్స్ మానడం, బయటి తిండి తగ్గించడం, డైరీ, పొదుపు. ఏదీ పది రోజులు దాటలేదు. రాత్రి రెండింటి దాకా ఫోను చూస్తూనే ఉంటాను. నాతోపాటు చదివిన మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాదులో ఫ్లాటు కూడా కొన్నాడు. నాకు క్రమశిక్షణ ఎలా వస్తుంది? రెండు క్రెడిట్ కార్డుల మీద 1,86,000 బాకీ ఉంది కానీ, ప్రతి నెలా బిల్లులో అడిగే కనీస మొత్తం (మినిమం) కడుతున్నాను కాబట్టి దానితో ఇబ్బంది లేదు. రెండేళ్ల క్రితం మా బోరు ఎండిపోయినప్పుడు కార్డు మీద 40 వేలు తీసి, నా దగ్గర ఉన్నవేనని చెప్పి నాన్నకు పంపాను. మాఘమాసంలో చెల్లెలి పెళ్లి చేద్దాం, నీ దగ్గర ఎంత ఉంది అని ఆయన అడుగుతున్నారు.

సలహా: మీ ఉత్తరంలో ఐదింటి అలారం గురించి, సగంలో ఆగిపోయిన అలవాట్ల గురించి వివరంగా రాసి, అప్పు గురించి మాత్రం చివర నాలుగు మాటలు రాసి వదిలేశారు. అది కూడా ఇబ్బంది లేదనే మాటతో కలిపి రాశారు. ఇబ్బంది లేని సంగతిని ఎవరూ ఉత్తరంలో చేర్చరు కదా. నేను మొదట చదవవలసింది ఆ నాలుగు మాటలనే అనిపించింది. మీ జాబితాలోని పదకొండు అంశాలూ మంచివే, కానీ మీరు వాటిని మొదలుపెట్టిన ప్రతిసారీ మధ్యలో వదిలేయడానికి కారణం బద్ధకం కాదని, ఎవరికీ చెప్పుకోని ఒక బరువును మోస్తూ వాటి వెనక పరిగెత్తడమేనని నా అభిప్రాయం. అందువల్ల క్రమశిక్షణ గురించి మీరు అడిగిన ప్రశ్నకు సమాధానాన్ని అప్పు దగ్గర నుంచే మొదలుపెడతాను.

మినిమం కడుతున్నాం కాబట్టి ఫరవాలేదన్న మాట ఎక్కడ తప్పుతుందో ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూద్దాం. మన దేశంలో కార్డు బాకీ మీద వడ్డీ చాలావరకు నెలకు మూడున్నర శాతం చుట్టుపక్కల ఉంటుంది. 1,86,000 మీద అది దాదాపు 6,500 అవుతుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 7,700 దగ్గరికి చేరుతుంది. రెండు కార్డులకూ కలిపి మీరు 9,500 కడుతున్నారనుకుంటే అసలులో తగ్గేది 1,800 రూపాయలే. పైగా ఇరవయ్యో తేదీకల్లా చేతిలో డబ్బు అయిపోయి, నెలాఖరు వరకు అవే కార్డులు గీస్తూ ఉంటారని ఊహిస్తున్నాను, ఎందుకంటే ఇంటికి 20 వేలు, పీజీకి ఒక పది పన్నెండు వేలు, కార్డులకు 9,500, కోర్సుకో ఫోనుకో ఈఎంఐలు ఉంటే అవీ పోగా 58 వేలలో మిగిలేది నెలకు సరిపోదు. పాత బాకీ పూర్తిగా తీర్చకుండా కార్డు వాడినప్పుడు కొత్త కొనుగోళ్లకు మామూలుగా దొరికే వడ్డీ లేని గడువు కూడా దొరకదు, గీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నాన్నగారికి పంపడానికి తీసిన 40 వేలు నగదు కాబట్టి దానికి ఆ గడువు అసలే లేదు, రుసుము అదనం. నెలకు ఏడు వేలు కొత్తగా గీస్తున్నా చాలు, మీరు క్రమం తప్పకుండా కడుతూనే నెలకు ఐదు వేల చొప్పున అప్పు పెంచుకుంటున్నట్టే.

ఇదే లెక్కను మీ ఊరి భాషలో చెప్పుకుంటే ఇంకా తేటగా కనిపిస్తుంది. నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, జీఎస్టీతో కలిపితే నాలుగు రూపాయలు దాటే వడ్డీ. మీ నాన్నగారు పంట పెట్టుబడికి ఎప్పుడైనా నూటికి నాలుగు రూపాయలకు అప్పు తెచ్చి ఉంటారా? రెండు రూపాయల వడ్డీ అంటేనే రెండుసార్లు ఆలోచించే ఇంట్లో పుట్టి, చదువుకుని, నగరానికి వచ్చి, అంతకు రెట్టింపు వడ్డీకి సంతకం పెట్టామన్న సంగతి మనకు తట్టకపోవడానికి కారణం, ఆ వడ్డీని అంకెగా కాక శాతంగా, అదీ చిన్న అక్షరాల్లో చూపించడమే. ఇందులో మీ తెలివితక్కువతనం ఏమీ లేదు. ఐటీ ఉద్యోగంలో ఆరంకెల జీతం తీసుకునేవారిలో కూడా ఈ లెక్క వేసుకోని వారిని చాలామందిని చూశాను.

చేయవలసిన పని ఇది. మీ జీతం పడే బ్యాంకులోనే పర్సనల్ లోన్ అడగండి. ఏడాదికి 14 శాతానికి, రెండేళ్ల గడువుకు 1,86,000 దొరికితే ఈఎంఐ సుమారు 8,930 అవుతుంది, అంటే ఇప్పుడు మినిమం పేరుతో మీరు కడుతున్న దానికన్నా తక్కువే. ఊరి లెక్కలో అది నూటికి రూపాయి పావలా లోపు వడ్డీ. రెండేళ్లలో మీరు కట్టే మొత్తం వడ్డీ 28 వేల చిల్లర. ఇప్పుడు నాలుగు నెలల్లోనే జీఎస్టీతో కలిపి అంతకన్నా ఎక్కువ వడ్డీ కడుతున్నారు. మీకు దొరికే రేటు కాస్త అటూ ఇటూ ఉండవచ్చు, ప్రాసెసింగ్ రుసుము ఎంతో, ముందుగా తీర్చేస్తే ఏమైనా వసూలు చేస్తారో కూడా అడిగి తెలుసుకోండి. ఒకేసారి నాలుగైదు బ్యాంకులకు దరఖాస్తు పెట్టవద్దు, ప్రతి దరఖాస్తూ మీ అప్పుల చరిత్రను చూపే సిబిల్ నివేదికలో నమోదవుతుంది. లోన్ రాకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకునే అడిగి బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐలుగా మార్పించుకోవచ్చు. ఐదు నిమిషాల్లో డబ్బు వేస్తామనే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి.

లోన్ డబ్బు పడిన రోజే రెండు కార్డుల బాకీలూ కట్టేయాలి, మరుసటి రోజు దాకా ఆగకూడదు. ఒక కార్డును రద్దు చేయించి, రెండోదాని పరిమితిని 20 వేలకు తగ్గించమని బ్యాంకుకు చెప్పండి. నేను చూసినంతలో ఈ దారిలో నడిచినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే: ఖాళీ అయిన కార్డును చూసి చేయి ఊరుకోదు, ఆరు నెలలు తిరిగేసరికి లోనూ ఉంటుంది, కార్డు బాకీ మళ్లీ పుడుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాను. రెండేళ్ల క్రితం బోరు ఎండిపోయినప్పుడు మీరు పంపిన 40 వేలు అప్పు తెచ్చిన డబ్బని మీ నాన్నగారికి ఈనాటికీ తెలియదు. ఆ రోజు మీరు చేసింది తప్పని నేను అనను. పంట మీద ఆధారపడిన ఇంట్లో నీళ్లు లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు, కొడుకుగా చేయగలిగింది చేశారు. కానీ ఆ ఒక్క మాట వల్ల ఆయన దృష్టిలో మీరు పొదుపు చేసే కొడుకయ్యారు, ఆ తర్వాత ఆ పేరును నిలబెట్టుకోవడానికి నెలకు 20 వేలు తగ్గకుండా పంపుతూ, ఇక్కడ కార్డు గీస్తూ వచ్చారు. ఇప్పుడు అదే నమ్మకంతో ఆయన చెల్లెలి పెళ్లి ఖర్చు లెక్క వేసుకుంటున్నారు. మీరు ఈ సంగతి చెప్పడం ఎంత ఆలస్యమైతే ఆయన అంత ధైర్యంగా మండపానికి బయానా ఇచ్చేస్తారు. ముహూర్తం పెట్టుకోకముందే చెప్పాలి.

ఫోనులో చెప్పవద్దు. ఫోనులో ఆయనకు మీ ముఖం కనిపించదు, కంగారు మాత్రమే వినిపిస్తుంది, ఆ రాత్రంతా మీ అమ్మగారికి నిద్ర ఉండదు. బెంగళూరు నుంచి హొసకోటె, చింతామణి మీదుగా మదనపల్లె బస్సులో మూడు నాలుగు గంటల ప్రయాణమే కాబట్టి ఒక శనివారం ఉదయం బయలుదేరండి. భోజనమయ్యాక ఆయన ఒక్కరే ఉన్నప్పుడు సూటిగా మొదలుపెట్టండి: “నాన్నా, బోరుకు నేను పంపిన డబ్బు నా దగ్గర దాచుకున్నది కాదు, అప్పు తెచ్చి పంపాను. అదీ, ఆ తర్వాత కార్డు మీద పెట్టిన ఖర్చులూ, వడ్డీలూ కలిసి లక్షా ఎనభై ఆరు వేలయింది. తీర్చే దారి చూసుకున్నాను, రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఇంటికి పద్నాలుగు వేలే పంపగలను, చెల్లి పెళ్లికి ఇప్పుడు పెద్ద మొత్తం ఇవ్వలేను.” ఇందులో క్షమాపణ కన్నా లెక్క ఎక్కువ ఉండాలి. ఒకే కోతకు మార్కెట్టులో ఈ వారం ఒక ధర, వచ్చే వారం అందులో సగం చూస్తూ బతికిన రైతుకు అప్పు అంటే ఏమిటో మనం నేర్పనవసరం లేదు. ఆయన కోపగించుకోవచ్చు, ఒక పూట మాట్లాడకపోవచ్చు. నాలుగు రూపాయల వడ్డీ అని విన్నాక మాత్రం, నన్నెందుకు అడగలేదురా అంటారని నా నమ్మకం. పెళ్లి ఎలా జరగాలన్నదాని గురించి మీ చెల్లెలి అభిప్రాయం కూడా ఒకసారి అడగండి, ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

ఇంటికి పంపేది తగ్గించడం మీకు నామోషీగా అనిపిస్తుందని తెలుసు. కానీ 20 వేలు పంపి ఏడు వేలు కార్డు మీద గీయడమంటే, ఆ ఏడు వేలు మీ నాన్నగారి పేరు మీద నాలుగు రూపాయల వడ్డీకి తేవడమే.

ఇక నిద్ర గురించి. రాత్రి రెండింటి దాకా ఫోను చూస్తూనే ఉంటానని రాశారు. కొంతవరకు అది వ్యసనమే కావచ్చు, కానీ దీపం ఆర్పి పడుకుంటే ఆ లెక్క గుర్తుకొస్తుంది కాబట్టి ఫోను వదలడం లేదేమో కూడా చూసుకోండి. రెండింటికి పడుకుని ఐదింటికి అలారం పెట్టుకుంటే మూడు గంటల నిద్రతో పట్టుదల ఎవరికీ నిలవదు, పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఐదింటి అలారం తీసేయండి. దాని బదులు ఆదివారంతో సహా ప్రతి రోజూ ఏడున్నరకే లేవండి, లేచిన పావుగంటలో బయటి వెలుతురులోకి వెళ్లండి. మీ పేటలోనే మడివాళ చెరువు ఉంది, ఆ వైపు పది నిమిషాలు నడిచినా చాలు. లేచే వేళ కుదిరితే కొద్ది వారాల్లో పడుకునే వేళ దానంతటదే ముందుకు జరుగుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఫిల్టర్ కాఫీ తాగే అలవాటుంటే దాన్ని మధ్యాహ్నానికి మార్చండి, కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఫోను ఛార్జరును మంచం పక్కన కాక గది తలుపు దగ్గర ఉన్న ప్లగ్గులో పెట్టుకోండి.

పదకొండింటిలో మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పను. జిమ్ డబ్బు కట్టేసి ఉంటే వారానికి రెండుసార్లు వెళ్లండి, లేదంటే మానేయండి. కోర్సును మాత్రం వదలకండి, ఎందుకంటే జీతం పెరిగే దారి అదొక్కటే. అయితే రాత్రి పీజీ గదిలో అది సాగదు. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో అరగంట ముందు చేరి అక్కడే కూర్చోండి, ఆదివారం ఉదయం కబ్బన్ పార్కులోని ఎర్రని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయ భవనం వంటి ప్రశాంతమైన చోటు చూసుకోండి. కన్నడం విషయంలో నా అనుభవం చెబుతాను. బెంగళూరుకు వచ్చిన కొత్తలో ముప్పై రోజుల్లో కన్నడం నేర్పుతామన్న పుస్తకం ఒకటి కొన్నాను, పదకొండో పేజీ దగ్గర ఆగిపోయింది. నాకు కన్నడం వచ్చింది మా వీధిలోకి బండి తోసుకువచ్చే కూరగాయలామె దగ్గర బేరమాడి. కొన్ని పనులకు జాబితాలో చోటు అక్కరలేదు. మీ పెదనాన్నగారి అబ్బాయి ఫ్లాటు ఈఎంఐ ఎంతో మనకు తెలియదు కాబట్టి ఆ పోలికను ఇక్కడితో వదిలేద్దాం.

ఒక్క హెచ్చరిక. రెండు వారాలకు మించి ఆకలి, నిద్ర సరిగా లేక దేని మీదా మనసు నిలవకపోతే, లేదా బతకడం మీద విరక్తి కలిగే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు మనిషితో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక ఆరోగ్యానికి పేరున్న నిమ్‌హాన్స్ ఆసుపత్రి కూడా మీకు దగ్గరలోనే, హోసూరు రోడ్డు మీద ఉంది, ఫోను వాడకం చేయి దాటిపోయిన వారికోసం ఆ సంస్థ ప్రత్యేక క్లినిక్ నడుపుతోంది.

ఊరికి వెళ్లేటప్పుడు రెండు కార్డుల ఆరు నెలల స్టేట్‌మెంట్లను ప్రింటు తీయించి వెంట పట్టుకెళ్లండి. వడ్డీ, జీఎస్టీ ఉన్న వరుసల కింద పెన్నుతో గీత గీయండి. ఫోనులో చూపిస్తే ఆ చిన్న అక్షరాలు మీ నాన్నగారి కంటికి ఆనవు.