షియాన్ వెళ్తున్న బుజ్జిబాబుకి: కోటగోడ దాటి తిరుగు

చి. బుజ్జిబాబుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆఫీసు పని మీద చైనాలోని షియాన్ వెళ్తున్నావనీ, పనయ్యాక నాలుగు రోజులు సెలవు దొరికిందనీ మీ అమ్మ చెప్పింది. మీ అన్నయ్య అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్లూ నేనూ మీ పెదనాన్నా వెళ్లొస్తుండేవాళ్లం కదా, ఏమేం చూడాలో నన్నే రాసి పంపమంది. ముందే చెబుతున్నా, ఊరి కోటగోడ లోపల నీకు ఒక్క సాయంత్రం చాలు. మిగతా సమయమంతా గోడ బయటే గడుపు.

ఎందుకంటావా? ఇప్పుడు కనిపించే గోడ 14వ శతాబ్దంలో మింగ్ రాజులు కట్టించింది. చుట్టుకొలత 14 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందు, ఈ ఊరు చాంగాన్‌గా వెలిగిన టాంగ్ రాజుల కాలంలో, నగరం గోడ దాదాపు 36 కిలోమీటర్లు ఉండేది. అంటే ఈ గోడ లోపల ఉన్నది ఆ మహానగరంలో ఒక ముక్క. హుయాన్‌త్సాంగ్ మన దేశం నుంచి తెచ్చిన బౌద్ధ గ్రంథాల కోసం 652లో కట్టిన పెద్ద పగోడా ఇప్పుడు గోడకు దక్షిణాన మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది, ఆ రోజుల్లో అది ఊళ్లోనే లెక్క. గైడ్లు మాత్రం గంటాగోపురం, ముస్లిం వీధి చూపించి షియాన్ అయిపోయిందంటారు. మొదటి సాయంత్రం అవి చూసెయ్. ఓపికుంటే గోడ మీద సైకిలు అద్దెకు తీసుకుని చుట్టూ తిరుగు, అది నిజంగా బాగుంటుంది.

ఇక బయలుదేరే ముందు చేసుకోవాల్సినవి. అలీపే, అంటే మన ఫోన్‌పే లాంటి వాళ్ల యాప్, ఇక్కడే ఫోన్లో వేసుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా కార్డో మాస్టర్‌కార్డో జోడించుకో. టీ కొట్టు నుంచి మెట్రో దాకా అంతా దాంతోనే నడుస్తుంది. కార్డు ఓటీపీ మన నంబరుకే వస్తుంది, కాబట్టి రోమింగ్ ఆపెయ్యకు. గూగుల్ మ్యాప్‌ను అక్కడ నమ్ముకోవద్దు, చూపించే చోటు పక్కకు జరిగిపోయి ఉంటుంది. వెళ్లాల్సిన ప్రతి చోటు పేరూ చైనా లిపిలో స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుంటే టాక్సీ అతనికి చూపిస్తే సరి. పాస్‌పోర్టు ఒరిజినల్ జేబులోనే ఉండాలి. పెద్ద మ్యూజియాల టికెట్లన్నీ దాని నంబరు మీదే ఇస్తారు.

తూర్పు దిక్కుతో మొదలుపెట్టు. మట్టి సైన్యాన్ని, అంటే చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా పూడ్చిపెట్టిన మట్టి సైనికుల బొమ్మల్ని, చూడకుండా వస్తే ఇక్కడెవరూ ఊరుకోరు, తప్పదు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ చోటు, లింటాంగ్‌లో ఉంది, ఊరికి నలభై కిలోమీటర్ల లోపే. మెట్రో తొమ్మిదో లైను ఎక్కి హువాచింగ్ పూల్ స్టేషన్లో దిగితే అక్కడి నుంచి బస్సో టాక్సీయో దొరుకుతుంది. రైల్వేస్టేషన్ దగ్గర 'మట్టి సైనికులు, మట్టి సైనికులు' అని పిలిచే వాళ్ల వెంట మాత్రం వెళ్లకు. నకిలీ బొమ్మలు పెట్టిన ప్రదర్శనకు తీసుకెళ్లి డబ్బులు గుంజుతారు.

లోపలికెళ్లాక అందరూ ఒకటో గొయ్యి ముందు రెయిలింగ్ మీద పడతారు. నువ్వు మూడోది, రెండోది చూసుకుని చివర్లో ఒకటో దానికి రా. రెండో గొయ్యి దగ్గర మోకాలి మీద కూర్చున్న విలుకాడి బొమ్మ ఒకటి అద్దాల పెట్టెలో ఉంటుంది. దాని మొహం చూసి వచ్చెయ్యకు, వెనక్కి వెళ్లి కాలి కింద చెప్పు అడుగు చూడు. వేళ్ల దగ్గరా మడమ దగ్గరా కుట్లు దగ్గరదగ్గరగా, మధ్యలో పలచగా ఉంటాయి. రెండువేల రెండువందల ఏళ్ల కిందట, భూమిలో పూడ్చిపెట్టబోయే బొమ్మకి చెప్పు కుట్లు కూడా లెక్కగా వేశాడు ఆ పనివాడు! ఒకటో గొయ్యిలో కూడా జనం ముందువైపే ఆగిపోతారు. వెనక చివరికి నడిస్తే తలలు లేనివి, చేతులు అతుకుతున్నవి, సగం పనిలో ఉన్న బొమ్మలు కనిపిస్తాయి. నాకైతే వరసలో నిలబడ్డ సైన్యం కంటే అవే నచ్చాయి. అదే టికెట్ మీద ఉచిత బస్సులో ఆ చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధి దిబ్బ దగ్గరికి వెళ్లొచ్చు. కంచు రథాలు 2021 నుంచి అక్కడి మ్యూజియంలో ఉన్నాయి, వాటిని వదిలెయ్యకు. తిరుగుదారిలో ఓపికుంటే బన్‌పో స్టేషన్లో దిగు, ఆరువేల ఏళ్ల నాటి పల్లె తవ్వకాలు చూడొచ్చు.

రెండో రోజు దక్షిణం. గుంటూరులో పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని కదా, ఈ రోజు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓర్చుకో. చాంగాన్ జిల్లాలో ఒక మెట్ట మీద షింగ్‌జియావో ఆలయం ఉంది. హుయాన్‌త్సాంగ్ 664లో చనిపోయాడు, 669లో ఆయన అవశేషాలను అక్కడికి మార్చారు. ఐదంతస్తుల ఇటుక పగోడా ఆయనది, పక్కనున్న చిన్నవి రెండూ శిష్యులవి, అందులో ఒకాయన కొరియా వాడు. దీన్ని 2014లో పట్టుదారి (సిల్క్ రోడ్) కట్టడాలతో పాటు యునెస్కో జాబితాలో చేర్చారు. అయినా పెద్ద పగోడా దగ్గర ఉండే జనంలో వందో వంతు కూడా ఇక్కడ కనపడరు. అన్నట్టు, అక్కడ హుయాన్‌త్సాంగ్ అంటే ఎవరికీ అర్థం కాదు, 'షువెన్‌జాంగ్' అని అడుగు.

మన అమరావతికి, అంటే అప్పటి ధాన్యకటకానికి, వచ్చి కొన్ని నెలలు ఉండి మహాసాంఘికులనే బౌద్ధ శాఖ వాళ్ల శాస్త్రం చదువుకున్న మనిషి ఈయనే. అప్పటికే అక్కడి విహారాలు చాలావరకు పాడుబడ్డాయని రాశాడు. ఆయన రాయకపోతే ఆ కాలపు మన ఊళ్ల గురించి మనకు తెలిసేది ఇంకా తక్కువ. అమరావతి స్తూపం మన ఇంటికి గంట దూరం, నువ్వు స్కూలు పిక్నిక్‌కి తప్ప వెళ్లలేదు. వచ్చాక నేనే తీసుకెళ్తా.

అక్కడి నుంచి పడమటికి కొండల వెంట పోతే హూయీ జిల్లాలో త్సావోటాంగ్ ఆలయం వస్తుంది. కుమారజీవుడి చోటు. తండ్రి భారతీయుడు, తల్లి మధ్య ఆసియాలోని కూచా రాజకుటుంబం ఆడపడుచు. 401లో చాంగాన్ చేరి, చనిపోయేదాకా బౌద్ధ గ్రంథాలు అనువదిస్తూనే ఉన్నాడు. మన నాగార్జునుడి మధ్యమక శాస్త్రం చైనా భాషలోకి వెళ్లింది ఈయన చేతుల మీదుగానే. ఆయన స్మారక స్తూపం రంగురంగుల రాళ్లతో చెక్కింది, నీకంటే కాస్త ఎత్తుంటుందేమో. మేఘాల మీద, కొండల మీద చెక్కిన గీతలు దగ్గరగా చూడు. మేం వెళ్లినప్పుడు ఒక ముసలాయన దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తూ మమ్మల్ని చూసి, 'ఇండియానా?' అన్నట్టు సైగ చేసి నవ్వాడు.

ఈ రెండు చోట్లకీ బస్సుల మీద ఆధారపడితే రోజంతా రోడ్డు మీదే పోతుంది. హోటల్లో చెప్పి రోజు మొత్తానికి కారు మాట్లాడుకో. వెయిటింగ్ కూడా కలిపి ముందే రేటు ఖాయం చేసుకో, సాయంత్రం అక్కడ తిరుగు టాక్సీ దొరకదు.

ఉత్తరాన హాన్ యాంగ్‌లింగ్ ఉంది, ఎయిర్‌పోర్టుకి దగ్గరే. కాబట్టి విమానం సాయంత్రమైతే చివరి రోజుకి పెట్టుకో. క్రీ.పూ. 157 నుంచి 141 దాకా ఏలిన జింగ్ చక్రవర్తి సమాధి అది. భూమి లోపల మ్యూజియం, చెప్పులకు తొడుగులు వేసుకుని అద్దాల నేల మీద నడవాలి, కాళ్ల కిందే తవ్వకాలు. ఇక్కడి బొమ్మలు రెండడుగులే. చేతులు చెక్కతో, బట్టలు పట్టుతో చేశారట, అవన్నీ మట్టిలో కలిసిపోయి ఇప్పుడు చేతుల్లేకుండా నిలబడి ఉన్నాయి. పక్కన వరసలుగా పందులు, మేకలు, కుక్కలు, కోళ్లు. ఒకాయన పై లోకానికి సైన్యాన్ని తీసుకెళ్తే ఇంకొకాయన పశువుల కొట్టం తీసుకెళ్లాడు. ఇద్దరిలో రెండో ఆయనే నాకు నచ్చాడు. ఇక్కడి గోతిలో దొరికిన ఆకులు టీ ఆకులేనని 2016లో తేల్చారు, అప్పటిదాకా ఎక్కడా అంత పాత టీ దొరకలేదు.

ఇంకో రోజు మిగిలితే చియాన్‌లింగ్ సమాధి. చైనాను చక్రవర్తిగా ఏలిన ఒకే ఒక్క ఆడది వూ జెటియాన్, భర్తతో పాటు అక్కడే ఉంది. అక్షరం లేని శిలాఫలకం, 61 మంది విదేశీయుల విగ్రహాలు, దాదాపు వేటికీ తలలు లేవు. ఫామెన్ ఆలయం మీద మాత్రం నాకు పెద్ద మోజు లేదు. బుద్ధుడి వేలి ఎముక దొరికిన చోటే కానీ, చుట్టూ కట్టిన కొత్త కట్టడాల హంగామాలో పాతది ఎక్కడో చిక్కుకుపోయింది. హువాషాన్ కొండ ఎక్కాలనుంటే అది విడిగా ఒక రోజు పని, దేనితోనూ కలపకు.

తిండి గురించి మీ అమ్మ టెన్షన్ పడుతోంది. నువ్వు మాంసం తినవు కాబట్టి ఫోన్లో 'నేను శాకాహారిని, మాంసం, మాంసం రసం, పంది కొవ్వు వద్దు' అని చైనా లిపిలో రాసి పెట్టుకో, చూపించు. అక్కడ బెల్టంత వెడల్పు నూడుల్స్ గిన్నెలో వేసి, పైన ఎండుమిర్చి పొడి కుప్పగా పోసి, కాగిన నూనె దాని మీద వంచుతారు. చుయ్యిమంటుంది, తాలింపు వాసన వీధి చివరికి కొడుతుంది. మన మిరపకాయంత ఘాటు లేదు కానీ చాలా కమ్మగా ఉంటుంది. నల్ల వెనిగర్ కాస్త వేసుకో. చల్లటి లియాంగ్‌పీ నూడుల్స్ కూడా నీకు నచ్చుతుంది.

తేదీలు ఇంకా ఖాయం కాలేదంది మీ అమ్మ. అక్టోబరు మొదటి వారం, మే మొదటి వారం, వాళ్ల కొత్త సంవత్సరం, ఈ మూడింటిలో ఏదీ తగలకుండా చూసుకో. ఆ రోజుల్లో దేశం మొత్తం సెలవు మీద రోడ్డెక్కుతుంది, లింటాంగ్‌లో మట్టి బొమ్మల బదులు మనుషుల తలలే కనిపిస్తాయి. ఏప్రిల్ గానీ సెప్టెంబరు గానీ అయితే హాయి. టికెట్ బుక్ చేసే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి, మీ అన్నయ్యతో మాట్లాడిస్తా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ