ఒకే ఒరలో రెండు కత్తులు

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "పెదనాన్నా, రెండు సర్వర్లూ నేనే మాస్టర్ అంటున్నాయి, ఏది ఆపను?" అని అడిగినప్పుడు నీ గొంతు వణకడం నాకు తెలిసింది. ఒకటి మాస్టర్‌గా పనిచేస్తుంటే, అది ఆగినప్పుడు అందుకోవడానికి రెండోది బ్యాకప్‌గా ఉండాలి; రెండూ ఒకేసారి మాస్టర్లు కాకూడదు. ఆ పూటకి గండం గడిచింది కాబట్టి ఇది నిదానంగా చదువుకో.

అలాంటప్పుడు రీస్టార్ట్ కొట్టకు. రీస్టార్ట్ చేస్తే సమస్య మాయమైనట్టు కనిపిస్తుంది, కారణం మాత్రం లోపలే ఉండిపోతుంది. కింద డేటాబేస్ ఉంది కాబట్టి ముందు అప్లికేషన్‌ని మెయింటెనెన్స్‌లో పెట్టి కొత్త ఎంట్రీలు పడకుండా చూడు. ఆ తర్వాత ఏదీ ముట్టుకోకుండా కాసేపు గమనించు.

మీ దగ్గర మాస్టర్ ఎవరో తేల్చే ప్రోగ్రామ్ కీప్‌అలైవ్‌డీ (keepalived). అది వాడే ప్రోటోకాల్, అంటే సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి, వీఆర్ఆర్‌పీ (VRRP). మాస్టర్ మామూలుగా సెకనుకి ఒకసారి 224.0.0.18 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కి (వినేవాళ్లందరికీ ఒకేసారి చేరే అడ్రస్) "ఉన్నాను" అని కబురు పంపుతుంది. వరసగా మూడు కబుర్లు రాకపోతే, ఆపైన ఇంకాస్త ఆగి (ప్రయారిటీ, అంటే ఎవరు ముందో చెప్పే అంకె, 100 అయితే మొత్తం 3.6 సెకన్లు) బ్యాకప్ తనే మాస్టర్ అయిపోతుంది. అవతలిది చచ్చిపోయిందా, దారి మూసుకుపోయిందా అన్నది దానికి తెలియదు. ఇద్దరు మాస్టర్లు కనిపించారంటే నూటికి తొంభైసార్లు రెండూ బాగానే ఉంటాయి, ఒకదాని మాట ఇంకోదానికి వినపడటం లేదంతే. నువ్వు వెతకాల్సింది ఆ దారి ఎక్కడ తెగిందన్నది.

రెండు సర్వర్లలోనూ వచ్చిపోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ (tcpdump) పెట్టి ప్రోటోకాల్ 112 (వీఆర్ఆర్‌పీ నంబర్ అదే) ప్యాకెట్లు చూడు. ఎవరి ప్యాకెట్లు వాళ్లకే కనిపిస్తుంటే మొదట మధ్య దారిలో ఉన్న ఫైర్‌వాల్‌ని అనుమానించు. వీఆర్ఆర్‌పీ టీసీపీ కాదు, యూడీపీ కాదు, ఐపీ మీద నేరుగా నడిచే వేరే ప్రోటోకాల్. దానికి పోర్ట్ నంబరే లేదు. "పోర్టులన్నీ తెరిచాం సార్" అని నెట్‌వర్క్ వాళ్లు అన్నా ఇది ఆగిపోయే ఉండొచ్చు. క్లౌడ్‌లో అయితే మల్టీకాస్ట్ చాలాచోట్ల పోదు, యూనికాస్ట్ పీర్ అడ్రస్‌లు, అంటే నేరుగా అవతలి సర్వర్ అడ్రస్, రాయాలి.

అవతలి ప్యాకెట్లు వస్తూనే ఉన్నా ఇద్దరూ మాస్టర్లుగానే ఉంటే, ఆ సర్వర్ సొంత ఫైర్‌వాల్ ఆపుతుండొచ్చు (టీసీపీడంప్ దానికంటే ముందే చూస్తుంది), అది కాకపోతే తేడా కాన్ఫిగ్‌లో ఉంటుంది. వర్చువల్ రౌటర్ ఐడీ, పాస్‌వర్డ్, కబురు పంపే వ్యవధి రెండు ఫైళ్లలో పక్కపక్కన పెట్టి చూడు. రెండింట్లోనూ స్టేట్ మాస్టర్ అని రాసి ఉండటమే తప్పు అని చాలామంది అనుకుంటారు. అది మొదలయ్యేటప్పటి స్థితి మాత్రమే. కబుర్లు అందుతుంటే ప్రయారిటీ ఎక్కువున్నదే నిలబడుతుంది, సమానమైతే ఐపీ అడ్రస్ పెద్దది గెలుస్తుంది.

వర్చువల్ ఐపీ (బయటివాళ్లు వాడే, మాస్టర్ దగ్గర మాత్రమే ఉండాల్సిన అడ్రస్) రెండుచోట్ల ఉండటం వరకైతే నష్టం తక్కువే. నాకు భయమంతా కింద ఉన్న డీఆర్‌బీడీ (DRBD) గురించి; ఒక సర్వర్ డిస్క్ మీద రాసింది రెండోదాని మీదకి కాపీ చేసేది అదే. రెండు వైపులా ప్రైమరీ (రాసే వైపు) అయి రెండు డిస్కుల మీదా ఎంట్రీలు పడ్డాక, మళ్లీ కలిసినప్పుడు అది స్ప్లిట్ బ్రెయిన్ (రెండు వైపులా వేర్వేరు డేటా) అని గుర్తించి కనెక్షన్ తెంచేస్తుంది. అప్పుడు ఒకవైపు డేటాని వదులుకోవాలి. ఏ వైపు అన్నది మనమే చెప్పాలి.

నేను పదిహేనేళ్ల కిందట ఒక కంపెనీలో అర్ధరాత్రి ఆ నిర్ణయం తొందరపడి తీసుకున్నాను. ముందునుంచీ మాస్టర్‌గా ఉన్నదే సరైనదనుకుని రెండోదాని మీద డిస్కార్డ్ మై డేటా (నా డేటా పారేయి అనే ఆదేశం) కొట్టాను. కస్టమర్ల ఆర్డర్లు మూడు గంటలుగా వెళ్తున్నది ఆ రెండోదానికే. తర్వాత రెండు రోజులు ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఆర్డర్లు మళ్లీ రాసుకున్నాం. అందుకే చెబుతున్నాను, వదులుకునే వైపు డిస్క్‌కి కూడా ముందు స్నాప్‌షాట్ (ఉన్నది ఉన్నట్టు కాపీ) తీసి పెట్టుకో. రెండు వైపులా చివరి ఆర్డర్ నంబర్లు, టైములు కాగితం మీద రాసుకో. మేనేజర్ ఎంత తొందరపెట్టినా సరే.

2018 అక్టోబర్‌లో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో 43 సెకన్లు నెట్‌వర్క్ తెగింది. ఆ కాస్తలోనే ఫెయిలోవర్ (ఒకటి ఆగిందని రెండోది పగ్గాలు అందుకోవడం) జరిగి, అమెరికా రెండు తీరాల్లోని డేటాబేసుల్లో ఒకదాంట్లో లేని రాతలు ఇంకోదాంట్లో పడ్డాయి. సర్వీసు మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. తొందరగా లేపడం కంటే డేటా నిలబడటమే ముఖ్యమని వాళ్లు ఎంచుకున్నారు. సరైన పనే చేశారు.

ఇక మళ్లీ రాకుండా చూడాలంటే ఫెన్సింగ్, అంటే అవతలిదాన్ని బలవంతంగా ఆపే ఏర్పాటు, పెట్టించు. పేస్‌మేకర్, కోరోసింక్ అనే క్లస్టర్ ప్రోగ్రాములకి మారితే, కొత్తగా మాస్టర్ అయ్యేది ముందు అవతలిదాని కరెంటు నిజంగా తీసేశాకే డిస్క్ ముట్టుకుంటుంది. రెండూ ఒకేసారి ఒకదాన్నొకటి ఆపుకోకుండా ఒక వైపు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టాలి. హార్ట్‌బీట్‌కి (ఉన్నాను అనే కబురుకి) వేరే స్విచ్ మీదుగా రెండో దారి కూడా కావాలి. వీలైతే ఎవరు మాస్టరో తేల్చే మూడో ఓటుకి ఒక చిన్న మెషీన్ అడుగు.

మీ టీమ్ ఫెయిలోవర్ టెస్ట్ చేసేశామంటోంది కదా. సర్వీస్ ఆపి చేసిన టెస్ట్ అది. ఆపేటప్పుడు మాస్టర్ ప్రయారిటీ 0 తో "వెళ్తున్నాను" అని చెప్పి మరీ వెళ్తుంది, అందుకే అంత సాఫీగా జరిగింది. శనివారం రాత్రి ట్రాఫిక్ తగ్గాక, సర్వర్లు రెండూ నడుస్తుండగా ప్రోటోకాల్ 112 మాత్రమే ఆపి చూడండి. నేను ఫోన్‌లో ఉంటాను. ఈలోగా రెండు కాన్ఫిగ్ ఫైళ్లూ పాస్‌వర్డ్ తీసేసి నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న