నెలవంక పక్కన శుక్రుడు: చీకటి పడకముందే తీయండి

ప్రశ్న: మొన్న సాయంత్రం నెలవంక పక్కనే శుక్రుడు కనబడితే డాబా ఎక్కి ఫోనుతో తీశాను. కంటికి ఎంతో అందంగా ఉన్న వంక ఫోటోలో తెల్లటి ముద్దలా వచ్చింది. చుక్క కూడా వీధి దీపంలా ఉబ్బిపోయింది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎన్ని గంటలకు తీశారో మీరు రాయలేదమ్మా. బాగా చీకటి పడ్డాకే తీసి ఉంటారు. ఫోను ఫ్రేము మొత్తం చూసి వెలుగు లెక్క కడుతుంది. ఫ్రేములో ఉన్నదంతా నల్లటి ఆకాశమే కాబట్టి వెలుగు పెంచేస్తుంది. కానీ చంద్రుడి మీద ఉన్నది ఎండ. మీ పెరట్లో వడియాలు ఎండబెట్టే ఎండే అక్కడా పడుతోంది. ఎండలో ఉన్నదాన్ని చీకటి లెక్కతో తీస్తే తెల్లగా కాలిపోక ఏమవుతుంది?

ముందు నైట్ మోడ్ ఆపేయండి. తెర మీద వంకను వేలితో కాసేపు నొక్కి పట్టుకోండి, ఫోకస్ అక్కడ నిలుస్తుంది. పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది చూడండి, దాన్ని కిందికి లాగుతూ పోండి. వంక కొసలు రెండూ సూదిమొనల్లా తేలేదాకా లాగండి. ఆకాశం ముదురు నీలంలోకి దిగుతుంది, దిగనివ్వండి. ఫోనును పిట్టగోడకు ఆనించి, 3 సెకన్ల టైమరు పెట్టి చెయ్యి తీసేయండి. వేళ్లతో సాగదీసే జూమ్ మాత్రం వద్దు. ఆ సాగదీయడమేదో ఇంటికొచ్చాక కూడా చేసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం వేళ. ఇది నేను ఒక రోజు పోగొట్టుకుని నేర్చుకున్నాను. 2008 డిసెంబరు 1 సాయంత్రం శుక్రుడు, గురుడు రెండు కళ్లలా పైన, నెలవంక నవ్వే నోరులా కింద నిలిచాయి. రాజమండ్రిలో మా స్టూడియో మెట్ల మీద నిలబడి చూశాను. బాగా చీకటి పడితే ఇంకా బాగా వస్తుందనుకుని ఏడింటి దాకా ఆగి, మిగిలిన రీలంతా వాడేశాను. కడిగించి చూస్తే కళ్లు రెండూ ఉన్నాయి గానీ, ఒక్క ఫ్రేములోనూ నోరు నోరులా లేదు. అన్నిట్లో తెల్లటి మరకే. ఆకాశమేమో తారు పూసినట్టు ఉంది. ఆ నవ్వు నా దగ్గర ఇవాళ్టికీ లేదు.

అందుకే 2023 మార్చి 24న ఆ పొరపాటు చెయ్యలేదు. ఉగాది వెళ్లిన రెండో రోజు, తదియ. శుక్రుడు వంకకు సరిగ్గా కింద, చెవికి వేలాడే లోలాకులా ఉన్నాడు. ఆరుంబావుకల్లా పుష్కరఘాట్‌లో స్టాండు వేసేశాను. అప్పుడే పొద్దు గుంకింది. మన వైపు సూర్యుడు నిట్టనిలువుగా దిగిపోతాడు, సందె వెలుగు ఎంతోసేపు నిలవదు. పొద్దుగుంకిన 20 నిమిషాల నుంచి 35 నిమిషాల దాకా, అంటే ఓ పావుగంట, ఆకాశం వెలుగూ వంక వెలుగూ ఒకదానికొకటి తూగుతాయి. ముందైతే శుక్రుడు తేలడు, తరవాతైతే వంక కాలిపోతుంది. నాకు నచ్చిన ఫ్రేము 6:38కి వచ్చింది. పైన నీలం, కింద కొవ్వూరు వైపు ఇంకా మిగిలిన నారింజ రంగు, ఆ రెండూ కలిసేచోట చెప్పలేని ఒక ఊదా.

ఒక్క చిక్కు ఉంది. తదియనాడు ఆ వేళకు చంద్రుడు ఇంకా ఎత్తులోనే ఉంటాడు. వంతెనతో కలిపి తీద్దామంటే ఫ్రేములో వంక చిన్నదైపోతుంది. అందుకని కొబ్బరిచెట్టో, గోపురమో, నీళ్ల ట్యాంకో చూసుకుని దాని దగ్గరికి నడవండి. 15 మీటర్ల కొబ్బరిచెట్టుకు 30 మీటర్ల దూరంలో నిలబడితే మట్టల పక్కకే వస్తాడు. ఉత్త ఆకాశంలో వంకా చుక్కా ఎవరు తీసినా ఒకటే. మీ ఊరి చెట్టు మీద తీస్తే అది మీ ఫోటో.

ప్రశ్న: ఇలాంటి కలయిక ఎప్పుడొస్తుందో ముందే తెలుసుకోవడం ఎలా?
– సిద్దిపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్టెల్లారియం యాప్‌లో తేదీ మార్చుకుంటూ పోతే కనబడుతుంది. నేను మాత్రం పంచాంగమే ముందు తీస్తాను. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలు మించి దూరం పోడు. చంద్రుడు తిథికి 12 డిగ్రీల చొప్పున సూర్యుణ్ణి వదిలి జరుగుతాడు. అంటే సాయంత్రం వాళ్లిద్దరూ కలిస్తే దాదాపుగా చవితిలోపే. అమావాస్య వెళ్లాక విదియ, తదియ, చవితి నాళ్లలో చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూడండి. శుక్రుడూ అదే నక్షత్రంలో ఉంటే ఇద్దరి మధ్య దూరం ఇంచుమించు 13 డిగ్రీల లోపే. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. పాదం కూడా ఒకటే అయితే ఇంకా చేరువ. గురుడికి ఈ హద్దు లేదు, పున్నమి చంద్రుడి పక్కన కూడా నిలుస్తాడు.

శుక్రమూఢం ఎప్పుడో కూడా చూసుకోండి. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరై కంటికి కనబడని రోజులే మూఢం. ముహూర్తాలు ఉండవు కాబట్టి మా స్టూడియోలకు అప్పుడు తీరికే. కానీ తీద్దామంటే శుక్రుడూ ఉండడు.

ప్రశ్న: నేను తీసిన ఫోటోలో చంద్రుడికి కొంచెం దూరంలో ఆకుపచ్చగా ఇంకో చిన్న వంక పడింది. అది ఏ గ్రహం?
– విజయనగరం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: గ్రహం కాదు తల్లీ, లెన్సులో చంద్రుడి ప్రతిబింబం. ఫ్రేముకు నడిమధ్య ఒక చుక్క పెట్టుకుని చూడు. చంద్రుడు దానికి ఒక పక్కన ఎంత దూరంలో ఉన్నాడో, ఆ పచ్చ వంక ఎదురు పక్కన అంతే దూరంలో, తలకిందులుగా ఉంటుంది. లెన్సు ముందు రక్షణకని బిగించిన గాజు ఫిల్టరు ఉంటే ఊడదీసి మళ్లీ తీయి. అయినా పోకపోతే చంద్రుణ్ణి కొద్దిగా పక్కకు జరుపు, అదీ జరుగుతుంది. అది లెన్సులోనే పుట్టింది కాబట్టి చెట్టు చాటున దాగదు, నల్లటి చెట్టు మీద ఇంకా బాగా కనబడుతుంది. ఇంకా వెలుగున్న ఆకాశం మీదికి తోస్తే అంతగా తెలియదు.

ప్రశ్న: నా దగ్గర 200 మిల్లీమీటర్ల లెన్సు, స్టాండు ఉన్నాయి. వంక బాగా వస్తే చంద్రుడి చీకటి భాగం రావడం లేదు, అది వస్తే వంక కాలిపోతోంది. రెండూ కలిపేయవచ్చా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ చీకటి భాగంలో కనబడే బూడిద వెలుగు మన భూమిదే. భూమి మీద పడ్డ ఎండ ఎగిరి చంద్రుణ్ణి తాకి మళ్లీ మన కంటికి వస్తోంది. 16వ శతాబ్దంలోనే లియొనార్డో డావిన్చీ దీన్ని సరిగ్గా వివరించాడు. అసలు వంకకూ ఈ వెలుగుకూ తేడా చాలా ఎక్కువ, ఒక్క ఎక్స్‌పోజర్‌లో రెండూ పట్టవు. వంకకు ఐఎస్‌ఓ (సెన్సారు చురుకు) 400, ఎఫ్ (లెన్సు కన్ను తెరిచే కొలత) 5.6, సెకనులో 60వ వంతుతో మొదలుపెట్టండి. బూడిద వెలుగుకు ఐఎస్‌ఓ 1600, ఒక సెకను. అంతకంటే ఎక్కువ తెరిచి ఉంచితే భూమి తిరుగుడుకు చంద్రుడి అంచు చెరిగిపోతుంది. 200 లెన్సుతో సెన్సారు మీద పడే చంద్రబింబం 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఏ కొంచెం కదిలినా తెలిసిపోతుంది. ఫోకస్ తెర మీద పెద్దది చేసుకుని వంక అంచు చూస్తూ చేత్తో తిప్పండి. స్టాండు మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆపేయండి.

మీ ఊళ్లో సముద్రం తూర్పున ఉంది. సాయంత్రపు వంక బీచి మీద దొరకదు, కొండల వైపు తిరగాలి. అలల మీద కావాలంటే అమావాస్యకు ముందు రెండు మూడు రోజులు, వేగుచుక్క పొడిచే వేళ వెళ్లండి. లెక్కలు అవే.

రెండు ఎక్స్‌పోజర్లు కలపడం తప్పు కాదు. రెండూ ఒకే చోటునుంచి, ఒకే నిమిషంలో తీసినవై ఉండాలి. రేపటి చంద్రుణ్ణి తెచ్చి ఇవాళ్టి గోపురం మీద అతికిస్తే మాత్రం నేను ఒప్పుకోను. కలిపిన సంగతి, తీసిన వేళ ఫోటో కింద రాసి పంపండి, చూస్తాను.