పసుపెక్కిన లెన్సుకు వెలుతురే మందు

చి. అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పెంటాక్స్ వాళ్ల పాత కెమెరా లెన్సు, సూపర్ టకుమార్, 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.4. గాజు పలచటి టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. పాడైపోయిందా, విప్పి తుడిపించనా అని అడిగావు. పాడవలేదమ్మా. విప్పనూ వద్దు, తుడవనూ వద్దు. ఆ పసుపు పైన పట్టిన మురికైతే గుడ్డకు వచ్చేది, అది గాజు లోపలే పుట్టింది. మంచి వెలుతురులో ఓపిగ్గా పెడితే దానంతటదే విరుగుతుంది. వేడి తగలకుండా చూసుకోవడమే నీ పని.

ఎందుకు పసుపెక్కిందో ముందు తెలుసుకో. 1940ల నుంచి 1970ల దాకా చాలా కంపెనీలు కొన్ని లెన్సుల గాజులో థోరియం ఆక్సైడ్ కలిపేవి. అది కలిస్తే గాజు వెలుతురును బాగా వంచుతుంది, రంగులను మాత్రం ఎక్కువగా విడదీయదు. ఎఫ్ 1.4 లాంటి పెద్ద కన్ను లెన్సు చేసేవాళ్లకు అది వరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి కొడాక్ ఏరో ఎక్టార్ అనే విమాన కెమెరా లెన్సులోనూ ఇదే గాజు. నీ టకుమార్‌లో అది వెనక భాగంలో, కెమెరా వైపు ఉంటుంది. థోరియం రేడియోధార్మిక పదార్థం. దాని నుంచి వచ్చే కిరణాలు ఏళ్ల తరబడి గాజులోని ఎలక్ట్రాన్లను చోటు తప్పిస్తాయి. అవి గాజు నిర్మాణంలో ఉన్న లోపాల్లో ఇరుక్కుని, నీలం, ఊదా వెలుతురును మింగేస్తాయి. నీలం పోతే మిగిలేది పసుపే కదా. అతినీలలోహిత కాంతి, అంటే యూవీ, ఆ ఇరుక్కున్న ఎలక్ట్రాన్లకు కదిలే బలమిస్తుంది. అవి తిరిగి సర్దుకుంటే రంగు పోతుంది. పెట్టెలో చీకట్లో పడి ఉన్న లెన్సులు ఎక్కువ పసుపెక్కడానికీ, రోజూ ఎండలో తిరిగినవి తెల్లగా ఉండడానికీ కారణం ఇదే.

అయితే పసుపన్నది ప్రతిసారీ థోరియం వల్లే కాదు. లైటు పెట్టేముందు ఈ పరీక్ష చెయ్యి. తెల్ల కాగితం ఒకటి కిటికీ దగ్గర నీడ వెలుతురులో పరుచు. రెండు మూతలూ తీసి, ముందు ఫిల్టరు ఉంటే విప్పి, వెలుతురు దారిని తగ్గించి పెంచే అపర్చర్ రింగును 1.4 మీద, అంటే పూర్తిగా తెరిచి పెట్టి, లెన్సును కాగితానికి ఒక జానెడు ఎత్తులో పట్టుకుని లోపలినుంచి కాగితాన్ని చూడు. పక్కనున్న కాగితం తెల్లగా, లెన్సులో కనిపించేది నిమ్మపండు రంగులోనో తేనె రంగులోనో, అంచు నుంచి అంచు దాకా ఒకే తీరుగా ఉంటే అది థోరియం పసుపు. గాజును వాల్చినప్పుడు ట్యూబులైటు ప్రతిబింబం మాత్రమే కాషాయంగానో ఊదాగానో మెరిస్తే అది గాజు మీద వేసిన పలచటి పూత, అంటే కోటింగ్ రంగు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. పసుపు మచ్చలుమచ్చలుగా, అంచుల దగ్గర ఎక్కువగా, నెమలి ఈక మెరుపులతో ఉంటే అది రెండు గాజులను అతికించిన జిగురు వదులుతున్న లక్షణం. దానికి యూవీ మందు కాదు. పొగమంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తే లోపలి గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకుంది, అది సర్వీసింగ్‌తోనే పోతుంది.

నీ మోడల్లో ఇంకొక తేడా ఉంది. 1964లో మొదట వచ్చిన 50 ఎఫ్ 1.4లో 8 గాజులు ఉండేవి, థోరియం ఉండదు. తరువాత వచ్చిన 7 గాజుల రకంలోనే థోరియం. రెండిటి మీదా సూపర్ టకుమార్ అనే రాసి ఉంటుంది. తేలిగ్గా పోల్చుకోవాలంటే దూరాల స్కేలు కింద ఉండే చిన్న ఎర్రటి ఆర్ గుర్తు చూడు. అది కుడివైపు 4 అంకెకు అవతల ఉంటే 8 గాజులది. 4కూ మధ్య గీతకూ నడుమ ఉంటే 7 గాజులది. నీ ఫొటోలో నడుమే ఉంది. 1971 తరువాత వచ్చిన ఎస్‌ఎంసీ టకుమార్ 50 ఎఫ్ 1.4 కూడా థోరియందే.

రేడియేషన్ అన్నానని హడలిపోకు, అలాగని తేలిగ్గానూ తీసుకోకు. గాజుకు ఆనించి కొలిస్తే రేడియేషన్ కొలిచే పరికరం గట్టిగానే మోగుతుంది. దూరం పెరిగేకొద్దీ వేగంగా తగ్గి, ఒక మీటరు అవతల మామూలుగా చుట్టూ ఉండే రేడియేషన్‌తో కలిసిపోతుంది. కెమెరాకు తగిలించి ఫొటోలు తీసుకోవడానికి భయం అక్కర్లేదు. చెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి. తలగడ పక్కన, జేబులో, పిల్లల బొమ్మల మధ్య పెట్టకు. ఆ వెనక గాజును భూతద్దంలా కంటికి ఆనించి గంటలకొద్దీ చూడకు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గాజును అరగదీయడం, పాలిష్ పట్టడం ఎప్పుడూ వద్దు. గీతలు పోగొడతానని ఎవరన్నా చెప్పినా ఇవ్వకు. గాజులో ఉన్నంతసేపు థోరియం అణిగి ఉంటుంది, పొడి అయి ఊపిరితిత్తుల్లోకి వెళితేనే అసలు ప్రమాదం. ఎప్పుడైనా పగిలితే పొడి చీపురుతో ఊడవకుండా, చేతికి తొడుగు వేసుకుని, తడిగుడ్డతో ఎత్తి సంచిలో కట్టెయ్యి.

ఇక లైటు. గోళ్ల జెల్ ఆరబెట్టే యూవీ ల్యాంపులు బ్యూటీ పార్లర్ సామాను దుకాణాల్లో దొరుకుతాయి. పని చేస్తాయి కానీ చాలావాటికి ఒకటి రెండు నిమిషాల టైమర్ ఉంటుంది, ఆరిపోయిన ప్రతిసారీ లేచి నొక్కాలి. ఆగకుండా వెలిగే రకం చూసుకో. దానికంటే 365 నుంచి 400 నానోమీటర్ల మధ్య వెలిగే యూవీ ఎల్‌ఈడీ లైటు మేలు, 10 వాట్లది చాలు. నీళ్లు శుద్ధి చేసేవీ, గదిలో క్రిములు చంపేవీ అయిన యూవీ-సీ ట్యూబులు మాత్రం తీసుకురావద్దు. అవి కంటినీ చర్మాన్నీ కాల్చేస్తాయి.

అట్టపెట్టె ఒకటి తీసుకో. లోపల అడుగునా గోడలకూ వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ అంటించు. అంటించేముందు దాన్ని బాగా నలిపి మళ్లీ సాపుచెయ్యి. నున్నగా ఉంటే అద్దంలా వెలుతురును ఒకే చోటికి కొడుతుంది, నలిగి ఉంటే అన్ని వైపులకూ చెదరగొడుతుంది. ముందు మూత, వెనక మూత, ఫిల్టరు అన్నీ తీసెయ్యి. ఫిల్టరు మరిచిపోతే, యూవీని ఆపడమే దాని పని గనక, నీ శ్రమంతా వృథా. పక్కనున్న మీటను ఎం (మాన్యువల్) మీదకు జరిపి రింగు 1.4 మీద పెట్టు, అప్పుడు వెలుతురు దారిని మూసి తెరిచే అపర్చర్ బ్లేడ్లు పూర్తిగా పక్కకు తప్పుకుంటాయి. లెన్సును ముందు గాజు కిందకూ, వెనక గాజు పైకీ వచ్చేలా ఫాయిల్ మీద నిలబెట్టు. థోరియం వెనకుంది కదా, వెలుతురు అటునుంచే పడాలి. లైటును గాజుకు రెండు మూడు అంగుళాల ఎత్తులో బిగించి, పెట్టెకు ఒక పక్క గాలి ఆడేలా బొక్క పెట్టి, పైన అట్ట మూత వెయ్యి. వెలిగేటప్పుడు లోపలికి తొంగిచూడకు. చూడాలంటే ముందు స్విచ్ ఆపు.

మొదటి గంట తరువాత లైటు ఆపి లెన్సును చేత్తో పట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి వెనక్కు తీసుకోవాలనిపించేంత వేడి ఉంటే లైటు ఎత్తు పెంచు, లేదా చిన్న ఫ్యాన్ పెట్టు. ఈ ఒక్క దగ్గరే జనం లెన్సులు పోగొట్టుకుంటారు. యాభై ఏళ్లనాటి గ్రీజు వేడికి పలచబడి అపర్చర్ బ్లేడ్ల మీదకు పాకుతుంది, అప్పుడు బ్లేడ్లు అంటుకుపోయి కదలవు. నీ లెన్సులో రెండు గాజులను కలిపి అతికించిన చోటు ఒకటి ఉంది, ఎక్కువ వేడికి ఆ జిగురూ ఊడుతుంది. ఓవెన్‌లో పెట్టమనీ, హెయిర్ డ్రయర్ కొట్టమనీ ఎవరు చెప్పినా వినకు.

ఎన్నాళ్లు పడుతుందంటావా? లైటు బలాన్ని బట్టి మూడు నాలుగు రోజుల నుంచి రెండు మూడు వారాలు. కంటిని నమ్మకు, రోజూ చూస్తుంటే మార్పు తెలియదు. మొదలుపెట్టే రోజు తెల్ల కాగితాన్ని, కెమెరాలో రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్‌ను 5500 కెల్విన్ దగ్గర మారకుండా నిలిపి, ఈ లెన్సుతోనే ఒక ఫొటో తియ్యి. రెండు రోజులకోసారి అదే కాగితం, అదే చోటు, అదే వేళ. షట్టర్ వేగం కూడా రాసుకో. బాగా పసుపెక్కిన గాజు అర స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా వెలుతురు తినేస్తుంది (ఒక స్టాప్ అంటే సగం వెలుతురు). పసుపు విరుగుతుంటే అదే అపర్చర్‌కు షట్టర్ వేగం పెరుగుతూ వస్తుంది. రెండు ఫొటోల మధ్య తేడా లేకపోతే ఇక ఆపెయ్యి. కొద్దిపాటి వెచ్చదనం మిగిలితే మిగలనీ, కెమెరాలో అది ఒక్క సర్దుబాటుతో పోతుంది.

ల్యాంపు కొనడం ఇష్టం లేకపోతే ఎండ ఉంది. మనకు దానికేం కొదవ? కాకపోతే మే నెల మధ్యాహ్నపు ఎండలో డాబా మీద పెట్టావంటే లెన్సు పెనంలా కాలిపోతుంది. పొద్దున 7 నుంచి 9 దాకా చాలు, మిగతా వేళ లోపల పెట్టెయ్యి. కిటికీ అద్దం యూవీలో కొంత ఆపుతుంది, ఎండ తగ్గించే ఫిల్ము అంటించిన అద్దమైతే దాదాపు అంతా ఆపేస్తుంది. బాల్కనీలో నేరుగా పెట్టడమే మంచిది. ఇలా అయితే నెల పట్టొచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. మూతలు లేని లెన్సు ఎండలో ఉంటే అది భూతద్దమే. పక్కకు దొర్లితే కర్టెన్‌నో దినపత్రికనో అంటించేస్తుంది. ఎండలో పెట్టేటప్పుడు ముందు మూతను లోపల నలిపిన ఫాయిల్ పెట్టి తగిలించు, వెనకవైపు ఒక్కటే తెరిచి ఉంచు, నువ్వు అక్కడ లేనప్పుడు వదిలి వెళ్లకు.

నువ్వుండేది తేమ ఎక్కువైన విశాఖలో గనక ఫంగస్, అంటే బూజు సంగతి కూడా. లైటు పెట్టకముందే వెనకనుంచి టార్చి వేసి, ముందునుంచి వాలుగా చూడు. సాలెగూటి దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. యూవీ దాన్ని కొంత చంపుతుంది, దారాలను మాత్రం చెరపదు, అప్పటికే గాజును తిన్న గుర్తులనూ మాన్పదు. అది బాగుచేసేవాళ్ల పని. ఇచ్చేటప్పుడు వెనక గాజు థోరియందని తప్పకుండా చెప్పు. పసుపు పోయాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో, చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచు. తోలు కేసులో మాత్రం దాచకు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

నలుపు తెలుపు ఫిల్ము వాడే ఉద్దేశం ఉంటే తొందరపడకు. ఈ పసుపు నీలాన్ని ఆపుతుంది, అంటే లేత పసుపు ఫిల్టరు తగిలించినట్టే. ఆకాశం కాస్త ముదిరి మబ్బులు తేలుతాయి. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ లాంటి పాత ఫిల్ము కెమెరా లెన్సులోంచే వెలుతురు కొలుస్తుంది కాబట్టి లెక్క దానికదే సరిపోతుంది. చేతిమీటరుతో కొలిస్తే మాత్రం ఒక స్టాప్ దాకా ఎక్కువ ఇవ్వాలి. డిజిటల్‌లో అయితే పసుపు తీయించుకోవడమే నయం. వైట్ బ్యాలెన్స్ రంగును సరిచేస్తుంది కానీ, నీలం తక్కువ పడ్డ చోట దాన్ని పైకి లాగడంతో నీడల్లో ఇసుక పోసినట్టు నాయిస్ కనిపిస్తుంది.

ఇది కెమెరాకు మరలా తిప్పి బిగించే ఎం42 మౌంటు, 42 మిల్లీమీటర్ల వ్యాసం. మిర్రర్‌లెస్ కెమెరాకు అడాప్టర్ తేలిగ్గా దొరుకుతుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మీద మాత్రం మధ్యలో అదనపు గాజు లేకుండా దూరపు వస్తువులు ఫోకస్ కావు, ఎందుకంటే దాని మౌంటుకూ సెన్సరుకూ దూరం 46.5 మిల్లీమీటర్లు, ఎం42కి కావలసింది 45.46. కెమెరా మెనూలో లెన్సు లేకుండా షట్టర్ పడనివ్వడం ఆన్ చెయ్యి, లోపల కుదుపు ఆపే ఏర్పాటు ఉంటే 50 అని చెప్పు, మీట ఎం మీదే ఉంచు. 1.4 దగ్గర బొమ్మ మెత్తగా, వెలుగున్న అంచుల చుట్టూ సన్నటి పొగలాంటి కాంతితో వస్తుంది. ముఖాలకూ, దీపాలకూ బాగుంటుంది. 2.8కి వచ్చేసరికి తేటపడుతుంది, 5.6 దగ్గర మూలల దాకా పదును. ఎదురు సూర్యుడైతే సూపర్ టకుమార్ కోటింగ్ తట్టుకోలేక బొమ్మ వెలిసినట్టవుతుంది, ముందు నుంచి పడే ఎండను అడ్డే 49 మిల్లీమీటర్ల హుడ్ ఒకటి కొను. 45 సెంటీమీటర్ల దాకా దగ్గరకు ఫోకస్ అవుతుంది. ఆ రింగు తిరిగే మెత్తదనం చేతికి అలవాటైతే ఆటోఫోకస్ గుర్తుకురాదు.

థోరియం లోపల ఉన్నన్నాళ్లూ పసుపు మళ్లీ మెల్లగా వస్తుంది. దాని అర్ధాయువు దాదాపు 1,400 కోట్ల ఏళ్లు. అయితే అది కనిపించడానికి ఏళ్లు పడుతుంది, వాడుతూ వెలుతురు చూపిస్తూ ఉంటే ఇంకా ఆలస్యం. శుభ్రం చేసిన తేదీ చీటీ మీద రాసి డబ్బాలో పడెయ్యి.

మొదటి రోజు కాగితం ఫొటో, వారం తరువాతది, రెండూ పంపించు. అంతకంటే ముందు మీట ఎం మీద ఉంచి రింగును 16 దాకా తిప్పి బ్లేడ్లు చూడు. వాటి మీద నూనె మెరుపు కనిపించినా, కదలడానికి బద్ధకించినా లైటు పెట్టకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి.

పెదనాన్న