తిరుపతి సెమినార్‌కు పోతున్న చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి,

పెదనాన్న ఆశీస్సులు. ట్రావెల్ ఫోటోగ్రఫీ సెమినార్‌కు డబ్బు కట్టేశానని, నిర్వాహకుల తీరు చూస్తే ఇప్పుడు టెన్షన్‌గా ఉందని రాశావు. హాలు ఎక్కడో ఇంకా చెప్పలేదంటే, మాట్లాడేవాళ్ల పేర్లు మారుతూనే ఉన్నాయంటే, అది సవ్యంగా జరిగేది కాదులే. అయినా పో. వాళ్లేదో నేర్పిస్తారని ఎదురుచూడకుండా, నీకు కావలసింది ఏమిటో ఇంట్లోనే తేల్చుకుని పో.

స్టూడియో నడిపిన కాలంలో ఇలాంటివి చాలా చూశాను. తొమ్మిదికి మొదలంటారు. జ్యోతి వెలిగించే పెద్దమనిషి వచ్చేసరికి పదకొండవుతుంది. తర్వాత శాలువాలు. శాలువాలు అయ్యాక ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు కలిపే వైరు లేదని తెలుస్తుంది, దానికోసం ఒక కుర్రాడు బైకు మీద పోతాడు. అందరూ విసుక్కునే ఆ సమయమే నీకు అసలు క్లాసు. మాట్లాడాల్సిన ఆయన కూడా అప్పుడు ఖాళీగా వరండాలో టీ తాగుతుంటాడు. స్టేజీ దిగాక సెల్ఫీల గుంపులో ఇక దొరకడు. ముందే పోయి నమస్కారం పెట్టు. "మంచి ఫోటో తీయాలంటే ఏం చేయాలి సార్" అని మాత్రం అడగొద్దు. దానికి ఎవరైనా "ఓపిక ఉండాలి" అనే అంటారు.

గట్టి ప్రశ్న ఒకటి పట్టుకుపో. తిరుపతి గంగమ్మ జాతరలో తీసిన ఫోటోలు నాకు చూపించావు గదా. ఒళ్లంతా నాము, అంటే తెల్లమట్టి, పూసుకున్న బైరాగి వేషం మసకగా, బూడిద రంగులో వచ్చింది. బొగ్గు పూసుకున్న 'తోటి' అనే వేషమేమో తేలిపోయింది, వెనకున్న జనం మొహాలు తెల్లగా వెలిసిపోయాయి. కెమెరా చెడిపోలేదు నాయనా. ఎదురుగా తెల్లనిది ఉన్నా నల్లనిది ఉన్నా, లోపల వెలుతురు కొలిచే మీటరు దాన్ని మధ్యరకం బూడిద రంగుగా చూపించడానికే లెక్క కడుతుంది. అందుకే ఫ్రేములో తెలుపు ఎక్కువుంటే ఎక్స్‌పోజర్ (లోపలికి పోయే వెలుతురు) ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచాలి, నలుపు ఎక్కువుంటే తగ్గించాలి. ఇంతవరకు నేను చెప్పగలను. వేషం వేసినవాడు తిట్టుకుంటూ జనంలోంచి మీదికే వస్తుంటే, ఆ డయల్ తిప్పే టైము లేనప్పుడు ఏం చేస్తారో ఊళ్లు తిరిగి తీసేవాళ్లను అడుగు. ఆ రెండు ఫోటోలూ ప్రింట్లు వేయించి సంచిలో పెట్టుకో. ఫోన్ స్క్రీన్ ఎండలో సరిగ్గా కనబడదు. పైగా ఆ పెద్దాయన వేలితో పక్కకు జరుపుతూ పోయి మన ఇంటి ఫోటోలన్నీ చూసేస్తాడు.

కిటికీలకు కర్టెన్లు లేని హాల్లో పగటిపూట స్లైడ్లు వేస్తే రంగుల సంగతి పట్టించుకోకు. వెలుతురు పడిన తెర మీద నలుపు నలుపుగా ఉండదు. ఫ్రేములో ఏం ఉంచారు, ఏం వదిలేశారు, అది చూడు. లెన్సుల స్టాలుంటే నీ కెమెరాకు తగిలించి తీసి చూసుకో, అడ్వాన్సు మాత్రం కట్టొద్దు.

అందరూ కలిసి నడుస్తూ ఫోటోలు తీసే ఫోటోవాక్ చంద్రగిరి కోటలో అన్నావు. ఏ రోజో ముందు కనుక్కో. రాజమహల్లో ఉండే పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నిర్వాహకులు అది చూసుకునే ఉంటారని నమ్మలేం. ట్రైపాడ్ వాడాలంటే విడిగా అనుమతి కావాలి, ఊరికే మోసుకుపోవద్దు. బస్సు ఆలస్యమై మిట్టమధ్యాహ్నం దిగుతారనే అనుకో. అప్పుడు అందరూ మహల్ ఎదురుగా నిలబడి మొత్తం కట్టడాన్ని తీస్తుంటారు. ఆ ఎండకు అది చప్పగా వస్తుంది. నువ్వు కమానుల దగ్గరికి పో. నిలువెండకు వాటి కింద నీడ చిక్కగా పడుతుంది, నలుపు తెలుపులో తీస్తే నిలబడుతుంది. గోడను రాసుకుంటూ దిగే ఎండలో గారపని కూడా బాగా తేలుతుంది. మనిషిని తీయాలంటే కమాను నీడలోకి, అంచుకు దగ్గరగా పిలువు. బయట నేల మీద పడిన ఎండ ఎగిరొచ్చి మొహానికి మెత్తటి వెలుగిస్తుంది. ఇది స్టూడియో లైట్లతోనూ అంత సులువుగా రాదు.

కరపత్రం మీద తలకోన పొంగుతున్న ఫోటో చూసి మురిసిపోకు. 270 అడుగుల జలపాతమే, కాదనను. కానీ మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకే దానికి ఆ నిండుతనం. వేసవిలో తీసుకుపోతే సన్నటి ధారే. అప్పుడు ఆ అడవిలోని లావాటి తీగల ఫోటోలు తీసుకుని రా.

సెమినార్ అయ్యాక కొండకు పోదామనుకుంటే కెమెరా రూములోనే పెట్టు. గుడిలోకి కెమెరా గానీ ఫోన్ గానీ రానివ్వరు. తిరుమల మీద డ్రోన్ అసలే నిషేధం. స్టేజీ మీద ఎవరైనా అలాంటి ఫోటో గొప్పగా చూపించినా నువ్వు చప్పట్లు కొట్టనక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చున్న కాలేజీ పిల్లల మీద అరవకు. వాళ్లకు అన్నమే చివర్లో దొరుకుతుంది. ఏవేవి జరుగుతాయన్నారో, ఏవి జరగలేదో రాసి, కరపత్రం ఫోటో, కట్టిన రసీదు జతచేసి నిర్వాహకుడికే మెసేజ్ పెట్టు. ఎంత వెనక్కి కావాలో అంకె వేసి అడుగు. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. భోజనం కూపన్లు అయిపోయాయంటారు, మీ అమ్మతో పెరుగన్నం కట్టించుకో.

సర్టిఫికెట్ కోసం ఆఖరిదాకా కూర్చోవద్దు. నా దగ్గర ఫ్రేము కట్టించుకున్నవాళ్లు చాలామంది, దాన్ని చూసి వాళ్లకు ఎవరూ పెళ్లి ఆర్డరు ఇవ్వలేదు. ఐదుకల్లా బయటపడితే చీకటి పడేదాకా తిరుపతిలోనే గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట వీధుల్లో ఫోటోలు తీసుకోవచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న,
చిత్తూరు