మ్యూట్ పెట్టి మ్యాచ్ చూసే అబ్బాయి: ఫుట్‌బాల్ కామెంటరీ ఒక కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రాత్రిళ్లు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూస్తాడు, అదీ సౌండ్ తీసేసి తనే కామెంటరీ చెప్పుకుంటూ. నోట్‌బుక్‌లో నచ్చిన కామెంటేటర్లు, నచ్చనివాళ్లు అని రెండు జాబితాలు రాసుకున్నాడు, పెద్దవాళ్లకు వంకలు పెడుతున్నాడని నాకు బాధ. లెక్కలంటే ఇష్టం, కాలేజీ టీమ్‌కు కూడా ఎప్పుడూ ఆడలేదు. పెద్దయ్యాక అదే పని చేస్తానంటున్నాడు. వాళ్ల నాన్నకు తెలిస్తే ఇంట్లో గొడవే. నోట్‌బుక్ ఫొటోలు, వాడి ఆడియో ఒకటి పంపుతున్నాను. ఇది అసలు ఉద్యోగమేనా? రాత్రిళ్లు నిద్ర సంగతేంటి? వాడికి ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, ఫొటోలన్నీ చూశాను, ఆడియో రెండుసార్లు విన్నాను. ముందు మీరు టెన్షన్ తగ్గించుకోండి. మీవాడు టైమ్ పాడు చేసుకోవడం లేదు. ఒక పని నేర్చుకుంటున్నాడు, ఎవరూ నేర్పకుండా నేర్చుకుంటున్నాడు. అది అన్నం పెడుతుందా లేదా అన్నది వేరే విషయం, దానికీ వస్తాను. కానీ ముందు ఆ నోట్‌బుక్ గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు పంపినవాటిలో నన్ను కూర్చోబెట్టింది అదే.

నచ్చినవాళ్ల పేజీలో మొదటి పేరు పీటర్ డ్రూరీ, కింద మూడు గీతలు. ఇది ఊహించిందే. ప్రీమియర్ లీగ్ వాళ్లే ప్రపంచమంతటికీ పంపే ప్రసారంలో ఆయన ఏళ్ల తరబడి కామెంటరీ చెప్పాడు, మన టీవీల్లో వచ్చిందీ అదే, అందుకే ఆ గొంతు మన పిల్లలకు అంత దగ్గరైంది. 2023లో మార్టిన్ టైలర్ తప్పుకున్నాక స్కై స్పోర్ట్స్‌లో ఆ సీట్లోకి వెళ్లాడు. మీవాడు రాసుకున్నది యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో 2018 ఏప్రిల్ మ్యాచ్. మొదటి మ్యాచ్‌లో 4-1తో ఓడిన రోమా, సొంత గడ్డ మీద బార్సిలోనాను 3-0తో కొట్టి, రెండు మ్యాచ్‌లు కలిపి 4-4 అయినా బయటి గడ్డ మీద కొట్టిన గోల్ లెక్కతో ఇంటికి పంపిన రాత్రి. మూడో గోల్ మనోలాస్ తలతో కొట్టాడు, అతనిది గ్రీస్. వెంటనే డ్రూరీ రోమా తన శిథిలాల్లోంచి లేచిందన్నాడు, మనోలాస్‌ను రోమ్‌లోని గ్రీకు దేవుడన్నాడు. ఈ ముక్క యూట్యూబ్‌లో చూడని ఫుట్‌బాల్ పిల్లలు తక్కువ. అయితే దాని పక్కన మీవాడు పెన్సిల్‌తో ఇలా రాశాడు: "ముందే రాసుకొచ్చాడా, అప్పటికప్పుడు తట్టిందా?" అమ్మా, ఇది అభిమాని అడిగే ప్రశ్న కాదు, ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాడు అడిగేది.

దాని కిందే టైలర్. 2012 మే 13, మాంచెస్టర్ సిటీ, క్యూపీఆర్ మ్యాచ్. ఆఖరి నిమిషాల్లో అగ్యురో కొట్టిన గోల్‌తో సిటీకి 44 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ వచ్చింది. గోల్ పడిన టైమ్ 93:20 అని కూడా వేశాడు. పక్కన నోట్: "పేరు అరిచాడు. తర్వాత ఆగిపోయాడు. జనం అరుపులు మాత్రమే." ఆ నిశ్శబ్దాన్ని పట్టుకున్నాడు చూడండి. టీవీ చూసేవాడికి బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడమే టీవీ కామెంటరీలో సగం విద్య. రేడియోలో అలా కుదరదు, అక్కడ ఆగితే వినేవాడికి ఆటే ఆగిపోతుంది.

ఇక రెండో పేజీ, నచ్చనివాళ్లు. మీరు దీన్ని చూసి "పెద్దవాళ్లకు వంకలు పెడుతున్నాడు" అని బాధపడ్డారు. నాకైతే మొదటి పేజీకన్నా ఇదే బాగా నచ్చింది. నచ్చినవాళ్ల పేర్లు ఎవరైనా చెప్తారు, ఎందుకు నచ్చలేదో రెండు ముక్కల్లో చెప్పడానికి చెవి ఉండాలి.

ఉదాహరణకు నెవిల్ అన్నదమ్ములు. ఇద్దరూ మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడినవాళ్లే, ఇద్దరికీ ఆట క్షుణ్ణంగా తెలుసు. అన్న గ్యారీ పేరు మొదటి పేజీలో ఉంది, తమ్ముడు ఫిల్ పేరు రెండో పేజీలో. 2014 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, ఇటలీ మ్యాచ్‌కు ఫిల్ బీబీసీలో కో-కామెంటేటర్‌గా కూర్చుంటే, గొంతులో ఉలుకూ పలుకూ లేదని 445 ఫిర్యాదులు వెళ్లాయి. మీవాడు రాసింది: "చెప్పింది కరెక్టే. గొంతు మాత్రం మ్యాచ్ చూడట్లేదు." ఎంత బాగా అన్నాడు! తర్వాత పేరు జొనాథన్ పియర్స్, అదే ప్రపంచ కప్, ఫ్రాన్స్, హోండురాస్ మ్యాచ్. బెంజెమా కొట్టిన బంతి పోస్టుకు తగిలి వెనక్కొచ్చి, గోల్‌కీపర్‌కు తగిలి గీత దాటింది. గోల్‌లైన్ టెక్నాలజీ ముందు పోస్టుకు తగిలిన క్షణం చూపించి గోల్ కాదంది, వెంటనే కీపర్‌కు తగిలిన క్షణం చూపించి గోల్ అంది. అవి రెండు వేర్వేరు క్షణాలని పియర్స్‌కు లైవ్‌లో తట్టలేదు, ఆ యంత్రాన్నే తప్పుపట్టాడు. నిజానికి ఆయన ఎంతో అనుభవం ఉన్న మనిషి, ఎవరికైనా జరగొచ్చు. మీవాడి నోట్: "తెలియనప్పుడు పది సెకన్లు ఆగాలి." ఈ వాక్యాన్ని కొత్తగా మైకు పట్టే ప్రతి ఒక్కరికీ చూపించాలనిపించింది.

ఇప్పుడు ఆడియో. ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడతాను, వాడికి చదివి వినిపించండి.

బాబూ, నాలుగు నిమిషాల ఆడియోలో మూడున్నర నిమిషాలు నువ్వు డ్రూరీలా మాట్లాడావు. ఆయన పదాలు, ఆయన ఎత్తుకోవడం, ఆయన సాగదీత. ఇంగ్లీష్ తప్పుల్లేవు, కానీ అందులో నువ్వు లేవు. పైగా నోట్‌బుక్‌లో ఎవరిని ఎందుకు వద్దన్నావో ఆ పనే చేశావు: ఒక్క సెకను కూడా ఖాళీ వదల్లేదు. అప్పుడు గోల్ పడింది, నువ్వు అన్నీ మర్చిపోయి "కొట్టాడ్రా! రెండు కాళ్ల సందులోంచి కొట్టాడ్రా!" అన్నావు. ఆ ఒక్క చోట నాకు బంతి కనిపించింది. నేను ఆ మ్యాచ్ చూడలేదు, అయినా కనిపించింది.

అందుకే నా సలహా, తెలుగులో చెప్పు. ఇంగ్లీష్ వదిలేయమనడం లేదు, అది రోజూ చదువు, విను, పనికొస్తుంది. కానీ ఇంగ్లీష్ కామెంటరీలో నీ పోటీ ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లతో. తెలుగు ఫుట్‌బాల్ కామెంటరీకి ఇంకా ఒక బాణీ అంటూ ఏర్పడలేదు. బెంగాల్‌లో అజయ్ బసు, పుష్పేన్ సర్కార్ లాంటివాళ్లు ఆకాశవాణిలో బెంగాలీలో ఫుట్‌బాల్ చెప్తే ఊళ్లకు ఊళ్లు ట్రాన్సిస్టర్ చుట్టూ కూర్చున్నాయి. మలయాళంలో షైజు దామోదరన్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మ్యాచ్‌లు చెప్పి ఇంటింటి పేరయ్యాడు, ఆయన కూడా పత్రికా విలేకరిగా పనిచేసి వచ్చినవాడే. 2022 ప్రపంచ కప్‌ను జియోసినిమా ఇంగ్లీష్, హిందీతో పాటు తమిళం, మలయాళం, బెంగాలీల్లో ఇచ్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు. నాకు దాని మీద చాలా బాధ ఉంది. 1951, 1962 ఏషియాడ్‌లలో భారత్‌కు బంగారు పతకాలు తెచ్చిన కోచ్ రహీమ్ సాబ్ మన హైదరాబాద్ మనిషి, తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ మనిషి. అలాంటివాళ్లు పుట్టిన గడ్డ మీద ఈ ఆటను మన మాటల్లో చెప్పేవాళ్లు లేకపోవడం ఏంటి? నీ నోట్‌బుక్‌లో ఆటగాళ్ల పేర్లు తెలుగులో రాసుకున్నావు, "సోబోస్లయి" అని పలికినట్టే. అది మంచి అలవాటు, మన అక్షరాల్లో ఏ దేశం పేరైనా చాలావరకు పలికినట్టు రాసుకోవచ్చు. డెరెక్ రే అనే స్కాటిష్ కామెంటేటర్‌కు అంత గౌరవం రావడానికి ఒక కారణం, ఎవరి పేరును వాళ్ల భాషలో పలికినట్టు పలకడం.

అమ్మా, మళ్లీ మీతో. ఉద్యోగమేనా అని అడిగారు. ఉద్యోగమే, కానీ బ్యాంకు ఉద్యోగంలాంటిది కాదు. మన దేశంలో ఎక్కువ మందికి మ్యాచ్‌కింత, టోర్నీకింత అని కాంట్రాక్ట్ ఉంటుంది, నెల జీతం ఉండదు. ప్రసార హక్కులు చేతులు మారితే మనుషులూ మారతారు. ఇంగ్లండ్‌లోనే క్లైవ్ టిల్డ్స్లీ 1998 నుంచి ఐటీవీకి ప్రధాన కామెంటేటర్, 2020లో ఆయన్ను ఆ స్థానం నుంచి తప్పించారు, ఆయనకు ఇష్టం లేకుండానే. మన దగ్గరైతే ఆటే కదిలిపోతుంది. 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది, అదే ఏడాది లీగ్ సీజన్ కూడా సమయానికి మొదలవలేదు. కాబట్టి దీని మీద ఒక్కదాని మీదే ఇల్లు కట్టుకోకూడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది పిల్లలకు తెలియదు. కామెంటరీ బాక్స్‌లో రెండు కుర్చీలుంటాయి. ఒకటి ఆటను ఎప్పటికప్పుడు చెప్పేవాడిది, రెండోది పక్కన కూర్చుని ఎందుకు జరిగిందో వివరించేవాడిది. ఆ రెండో కుర్చీ, స్టూడియోలో విశ్లేషకుల కుర్చీలు దాదాపు ఎప్పుడూ మాజీ ఆటగాళ్లకే. గ్యారీ నెవిల్, క్యారగర్, మెకాయిస్ట్ అందరూ అలాగే వచ్చారు. మీవాడు కాలేజీ టీమ్‌కు కూడా ఆడలేదన్నారు, అయితే వాడి దారి మొదటి కుర్చీ. దానికి ఎక్కువమంది పత్రికల నుంచి, రేడియో నుంచి వచ్చారు. డ్రూరీ బీబీసీ రేడియో లీడ్స్‌లో పనిచేశాడు. జాన్ మోట్సన్ పత్రికా విలేకరి, తర్వాత రేడియో. 1972 ఫిబ్రవరిలో హియర్‌ఫర్డ్ అనే చిన్న జట్టు మ్యాచ్‌కు ఆయన్ను పంపారు, అప్పటికి టీవీకి కొత్త. ఆ జట్టు బురద మైదానంలో న్యూకాజిల్‌ను 2-1తో ఓడించింది, ర్యాడ్‌ఫర్డ్ చాలా దూరం నుంచి కొట్టిన గోల్‌తో ఆ మ్యాచే ఆ రాత్రి బీబీసీ ప్రోగ్రామ్‌లో ముందుకొచ్చింది. అక్కడి నుంచి 2018 దాకా మోట్సన్ వెనక్కి తిరిగి చూడలేదు. మన దగ్గర నోవీ కపాడియా ఉండేవారు, 2021లో పోయారు. భారత ఫుట్‌బాల్ గొంతు అని ఆయన్ను పిలిచేవారు, ఆయన ఢిల్లీ యూనివర్సిటీ ఖాల్సా కాలేజీలో ఇంగ్లీష్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్. ఇది వాళ్ల నాన్నగారికి తప్పకుండా చెప్పండి. ఉద్యోగం చేస్తూనే ప్రపంచ కప్‌ల దాకా వెళ్లిన మనిషి ఉన్నాడని తెలిస్తే ఆయన కోపం కొంచెం తగ్గుతుంది.

చదువు సంగతి. ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఎంపీసీ మీదే ఉండాలి, ఇందులో బేరం లేదు. తర్వాత ఇంజినీరింగే చేయాలని లేదు. వాడికి లెక్కలు ఇష్టమన్నారు కాబట్టి స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీ అయితే రేపు స్పోర్ట్స్ డేటా పని కూడా చేతిలో ఉంటుంది. ఆ తర్వాత జర్నలిజం పీజీ, ఉస్మానియాలో 1954 నుంచి ఆ విభాగం ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎంఏ ఉంది. ఆ క్యాంపస్‌లో బోల్ హైదరాబాద్ అనే రేడియో కూడా ఉంది, మైకు ముందు భయం పోవడానికి అలాంటి చోటు చాలు. ఫేస్‌బుక్‌లో కనిపించే "మూడు నెలల్లో కామెంటేటర్" కోర్సులకు మాత్రం డబ్బు కట్టొద్దు.

తెలుగులో పని ముందుగా దొరికేది ఫుట్‌బాల్‌లో కాకపోవచ్చు. స్టార్ స్పోర్ట్స్ తెలుగు 2018లో వచ్చింది, అక్కడ క్రికెట్, కబడ్డీ తెలుగులో వినిపిస్తాయి. కబడ్డీ చెప్పడం తక్కువ పని అనుకోవద్దని వాడికి చెప్పండి, ముప్పై సెకన్ల రైడ్‌ను తడబడకుండా చెప్పగలిగినవాడికి కార్నర్ కిక్ ఒక లెక్క కాదు. సెలవుల్లో ఊళ్లో జరిగే టోర్నమెంట్లకు వెళ్లి మైకు అడగమనండి, వాలీబాల్ అయినా సరే, సాధారణంగా ఎవరూ కాదనరు.

నిద్ర గురించి కూడా అడిగారు. శనివారం మ్యాచ్ మన టైమ్‌కు చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది, పదిన్నరకల్లా అయిపోతుంది, అది చూడనివ్వండి. ఒంటిగంటన్నరకు మొదలయ్యే చాంపియన్స్ లీగ్ మాత్రం పరీక్షలయ్యేదాకా మర్నాడు హైలైట్స్‌లోనే. కామెంటేటర్‌కు గొంతు పెట్టుబడి, నిద్ర లేకపోతే ముందు పోయేది అదే.

వాళ్ల నాన్నగారి దగ్గర దాచొద్దు. నోట్‌బుక్ ఆయన చేతిలో పెట్టండి, ఆడియో కాదు, నోట్‌బుక్. రెండో పేజీ ఆయన్ను చదవనివ్వండి.

పరీక్షలయ్యాక వాడిని ఒక మ్యాచ్‌లో పది నిమిషాలు పూర్తిగా తెలుగులో చెప్పి రికార్డ్ చేయమనండి. మర్నాడు ఆ నచ్చనివాళ్ల పేజీ ముందు పెట్టుకుని తన గొంతే వినమనండి, ఎక్కడెక్కడ తన పేరు ఆ జాబితాలో రాయాల్సి వస్తుందో టైమ్‌తో సహా గుర్తు పెట్టమనండి. ఆ ఆడియో, ఆ కాగితం రెండూ నాకు పంపండి, విని మళ్లీ రాస్తాను.