సముద్రం పాలైన నీళ్లు వృథాయేనా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చేపల సంతతి తగ్గిపోవడం గురించి, సముద్ర జీవుల సంరక్షణ గురించి ఈ నెల సీమ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: వానాకాలం వచ్చిందంటే ‘వందల టీఎంసీలు సముద్రం పాలు’ అని పత్రికల్లో చదివి మాకు కడుపు మండుతుంది. ఈమధ్య ఒక సభలో మాట్లాడిన పెద్దమనిషి, నదుల నీళ్లు సముద్రంలో కలవకపోతే చేపలు అంతరించిపోతాయని అన్నారు. తాగడానికే నీళ్లు సరిపోని మాకు ఈ మాట చెప్పడం న్యాయమేనా? అందులో నిజమెంత?
– ఒక రైతు, కడప జిల్లా

జవాబు: మీ కడుపుమంట న్యాయమైనదే. బిందెల వరుసలో నిలబడి పెరిగిన ఇంటివాడిగా నాకు అది తెలుసు. అయితే ఆ పెద్దమనిషి చెప్పిన మాటలోనూ నిజం ఉంది. రెండూ ఒకదానికొకటి అడ్డం కావని నా అభిప్రాయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

సముద్రమంతటా చేపలు సమానంగా ఉండవు. నడిసముద్రం చూడటానికి ఎంత నీలంగా, నిర్మలంగా ఉన్నా, మేత విషయంలో అది దాదాపు బీడుభూమి. చేపల సంపదలో ఎక్కువ భాగం తీరానికి దగ్గరగా, ముఖ్యంగా నదులు కలిసే చోట ఉంటుంది. మనం ఎండాకాలంలో చెరువు ఒండ్రు తోలుకొచ్చి చేలో వేసుకుంటాము కదా, వరదనీరు తీరానికి చేసే పని సరిగ్గా అదే. ఆ నీటితో వచ్చే నత్రజని, భాస్వరం, సిలికా వంటి పోషకాల వల్ల కంటికి కనిపించనంత చిన్న నాచు పెరుగుతుంది. దాన్ని తిని సూక్ష్మజీవులు, వాటిని తిని కవ్వలు, కానాగంతలు వంటి చిన్న చేపలు, వాటిని తిని వంజరం వంటి పెద్ద చేపలు బతుకుతాయి. మన పళ్లెంలోకి వచ్చే వంజరం ముక్క వెనుక ఎక్కడో ఒక నది తెచ్చిన మట్టి ఉంటుంది.

రెండో సంగతి, ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఆ ముఖద్వారాలే ఎన్నో జీవులకు పురిటిల్లు, ఊయల. టైగర్ రొయ్య సముద్రంలో పుడుతుంది. ఈతముల్లంత ఉన్నప్పుడే నదీముఖాల్లోకి, మడ అడవుల వేళ్ల మధ్యకు చేరి, అక్కడ పెరిగి, మళ్లీ సముద్రానికి వెళ్లి గుడ్లు పెడుతుంది. నీలకంఠ రొయ్యది దీనికి తలకిందుల ప్రయాణం: అది నదిలో పెరిగి, గుడ్లు పొదగడానికి ఉప్పు కలిసిన నీళ్లకు దిగుతుంది, దాని పిల్లలు నదికి ఎదురెక్కి వస్తాయి. గోదావరి జిల్లాలవారు ప్రాణంగా చూసుకునే పులస కూడా వరదనీటి వాసన పట్టుకొని సముద్రం నుంచి నదిలోకి ఎక్కేదే. ప్రవాహం లేని నది ముఖాన్ని అలలు ఇసుకతో పూడ్చివేస్తాయి కాబట్టి ఈ రాకపోకలన్నీ ఆగిపోతాయి.

ఇక మన పెన్నా సంగతి. నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప జిల్లాల మీదుగా గండికోట లోయను కోసుకుంటూ, సోమశిల దాటి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ 597 కిలోమీటర్ల నది ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అది పారే కొద్ది రోజులే ముఖద్వారం దగ్గరి జీవులకు పండగ రోజులు. కృష్ణది ఇంకో రకమైన కథ. శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనుక ఒండ్రు ఆగిపోవడం వల్ల కృష్ణా డెల్టా అంచులు సముద్రపు కోతకు గురవుతున్నాయి. ఆ ఒండ్రు మనకైనా మేలు చేసిందా అంటే అదీ లేదు. మొదట 308 టీఎంసీలు పట్టిన శ్రీశైలం జలాశయం పూడిక వల్ల ఇప్పుడు సుమారు 215 టీఎంసీలే పడుతోంది. సముద్రానికి దక్కవలసిన మట్టి మన నీటి గిన్నెనే నింపేసింది.

సీమ తన వాటా వదులుకోవాలని నేను ఎన్నడూ అనను. తాగునీటికి, ఆరుతడి పంటకు మనం తీసుకునే నీళ్ల వల్ల సముద్రం ఎండిపోదు. నేను కోరేది రెండే: ‘వృథా’ అన్న మాటను మానుకోవడం, నీళ్లు పంచుకునేటప్పుడు నదీముఖానికి కూడా ఒక వాటా లెక్కగట్టడం. ఆ వాటా మీద బతికే జాలర్లు కూడా మనలాంటి రెక్కాడితే గాని డొక్కాడని వారే.

ప్రశ్న: వేసవిలో సముద్రంలో వేట నిషేధం అంటారు, కానీ మా కర్నూలు బజారులో మే నెలలో కూడా సముద్రపు చేపలు అమ్ముతున్నారు. అవి కొనడం తప్పా? ఈ నిషేధం వల్ల నిజంగా లాభం ఉందా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు వెళ్లకూడదు. ఒకప్పుడు ఈ గడువు 47 రోజులే. ఇంజను లేని సంప్రదాయ పడవలకు ఈ నిషేధం వర్తించదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గాని మొదలు కాదు. శీతల గిడ్డంగుల్లో నిలవ ఉంచిన సరుకు కూడా ఉంటుంది. అందుచేత మేలో కనిపించే ప్రతి చేపా దొంగచాటుగా పట్టినది కాదు, కొన్నందుకు మీరు బాధపడనక్కరలేదు.

చాలా జాతులు గుడ్లు పెట్టే రోజుల్లో సముద్రానికి విశ్రాంతి ఇవ్వడం మంచి పద్ధతే. ఆ రెండు నెలలు పస్తులుండకుండా మన రాష్ట్రంలో మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచారు. కానీ అసలు చిక్కు మిగిలిన పది నెలల్లో ఉంది. ట్రాలర్లు సంచివంటి వలను సముద్రపు అడుగున ఈడ్చుకుపోతాయి. ఆ సంచి కొసన వల కళ్లు ఎంత చిన్నవైతే అంత చిన్న పిల్ల కూడా తప్పించుకోలేదు. రొయ్యల కోసం వేసిన వలలో రొయ్యతో పాటు పడే పిల్లచేపలను ఎండబెట్టి, పొడి చేసి, కోళ్లకూ చెరువు రొయ్యలకూ మేతగా మారుస్తారు. పెద్దయితే మంచి ధర పలికే చేప పిల్లగా ఉన్నప్పుడే దాణా అయిపోతుంది. బలమైన లైట్లు వేసి చేపలను పోగుచేసి పట్టడాన్ని, రెండు పడవలు కలిసి ఒకే వలను లాగడాన్ని కేంద్రం 2017లో నిషేధించింది. ఆ ఆజ్ఞ నడిసముద్రంలో, నడిరాత్రి అమలు కావడమే కష్టం.

పోయిన నెల కర్నూలు చేపల బజారులో ఒక థర్మకోల్ పెట్టె మూత తీయించి చూశాను. ఐసు ముక్కలు పక్కకు నెట్టితే వంజరం పిల్లలు వరుసగా పేర్చి ఉన్నాయి, ఒక్కొక్కటి జానెడు కంటే ఎక్కువ లేదు, కళ్లు ఇంకా తేటగానే ఉన్నాయి. “చిన్నవైతే ముల్లు మెత్తగుంటాది సార్, పిల్లోళ్లకు మంచిది” అని అమ్మే ఆమె చెప్పింది. ఆమెను తప్పుపట్టలేము, లారీలో ఏది వస్తే అదే అమ్ముతుంది. కానీ వంజరంలో పెద్ద రకం సుమారు మూరన్నర పొడవుకు వస్తే గాని గుడ్లు పెట్టే వయసుకు రాదు. ఆ పెట్టెలోని చేపల్లో ఒక్కటి కూడా ఒక్కసారైనా గుడ్లు పెట్టి ఉండదు. కేరళలో 2015 నుంచి ఏ చేపను ఎంత పొడవు లోపు పట్టకూడదో నిబంధన ఉంది. మీరు చేయగలిగింది, జానెడు వంజరాన్ని వద్దని చెప్పి, ఎందుకు వద్దన్నారో అమ్మే ఆమెకు చెప్పడం. పదిమంది అలా అడిగితే ఆ మాట లారీ పంపే వ్యాపారి దాకా వెళుతుంది.

ప్రశ్న: శ్రీశైలం జలాశయం వెనుక నీళ్లలో బయటి నుంచి వచ్చినవారు అలివి వలలతో వేలెడు పిల్లలను కూడా ఊడ్చేస్తున్నారు. మా ఊరి జాలర్ల వలలకు చేపలే దొరకడం లేదు. సముద్రం గురించి రాసే మీరు దీని గురించి ఎందుకు రాయరు?
– ఒక యువకుడు, ఆత్మకూరు ప్రాంతం

జవాబు: మీ ఆక్షేపణ సరైనదే. సముద్రంలో ట్రాలరు చేసే పనే ఇక్కడ ఒడ్డున నిలబడి మనుషులు చేస్తున్నారు. పొడవాటి అలివి వలను నీళ్లలో చుట్టూ తిప్పి, రెండు కొసలు పట్టుకొని ఒడ్డుకు లాగుతారు. దోమతెర వంటి ఆ వలలో నీళ్లు తప్ప మరేదీ బయటికి పోదు. ఒడ్డున పట్టాల మీద ఆరబోసిన ఆ పోగును దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది: అందులో శీలావతి, బొచ్చె పిల్లలు అగ్గిపుల్లంత, వేలంత ఉంటాయి. పాలు పోసుకుంటున్న వరి వెన్నును కోసి గడ్డిగా అమ్ముకోవడం లాంటిది ఇది. ఆ పిల్లల్లో ప్రజల డబ్బుతో ప్రభుత్వం వదిలినవీ ఉంటాయి. అవి గుడ్లకు రావడానికి రెండేళ్లయినా కావాలి. వానాకాలపు కొత్తనీటికి ఎదురెక్కి గుడ్లు పెట్టవలసిన తల్లిచేపలే మిగలకపోతే ఏటా ఎన్ని లక్షల పిల్లలను వదిలినా అది చిల్లికుండలో పోసిన నీరే.

అలివి వలల వాడకం నిషిద్ధం. మీ మత్స్యకార సహకార సంఘం తరఫున, తేదీ, రేవు పేరు, వీలైతే ఫొటోలు జతచేసి మత్స్యశాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. వల లాగే కూలీలతో మాత్రం గొడవకు దిగవద్దు. వారిలో చాలామంది అప్పులు తీర్చుకోవడానికి వచ్చిన పేదలు. పెట్టుబడి పెట్టినవాడు ఒడ్డున కనిపించడు.

ప్రశ్న: ఒకసారి తగ్గిపోయిన చేపలు మళ్లీ పెరిగిన దాఖలా ఎక్కడైనా ఉందా? నాలాంటివారు చేపలు తినడం మానేయాలా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: రెండు రకాల దాఖలాలూ ఉన్నాయి. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం సముద్ర చేపల నిల్వల్లో శక్తికి మించి వేటాడినవి 1974లో దాదాపు 10 శాతం ఉంటే 2021 నాటికి 37.7 శాతానికి చేరాయి. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ చేప దాదాపు తుడిచిపెట్టుకుపోవడంతో 1992లో వేటను ఆపివేశారు. వేలమందికి ఒక్కరోజులో పని పోయింది, ముప్పయ్యేళ్లు దాటినా ఆ చేప మునుపటి స్థాయికి రాలేదు. అదే అట్లాంటిక్‌లో బ్లూఫిన్ ట్యూనాకు సమయం మించిపోకముందే పరిమితులు కట్టుదిట్టం చేశారు, అది తేరుకుంది. 2021లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి తీసివేశారు. మన దేశంలో గుజరాత్ జాలర్లు ఒకప్పుడు తిమింగల సొరను కాలేయపు నూనె కోసం చంపేవారు. 2001లో దానికి చట్టరక్షణ వచ్చాక, తెగిన వలకు పరిహారం ఇస్తామన్నాక, అదే జాలర్లు తమ వలను తామే కోసి దాన్ని వదిలిపెడుతున్నారు.

మీరు చేపలు మానేయనక్కరలేదు. అనంతపురానికి ఎక్కువగా వచ్చేవి కొల్లేరు పరిసరాల చెరువుల్లో పెంచిన శీలావతి, బొచ్చె. వాటి మేత ముఖ్యంగా తవుడు, తెలగపిండి కాబట్టి సముద్రం మీద భారం తక్కువ, ప్రతివారం తినవచ్చు. చెరువు రొయ్యల సంగతి వేరు. వాటి మేతలో సముద్రపు చేపల పొడి కలుస్తుంది కనుక వాటిని పండగకో పబ్బానికో ఉంచుకోండి.